పాడే పిట్ట, వినే పిట్ట

మే నెలలో కాకినాడలో ఫ్యాన్ ఆపి, తలుపులు బిగించి, కిటికీకి బొంత కట్టి గంటసేపు కూర్చోవడం పంచాగ్నుల నడుమ తపస్సుకి ఏమీ తీసిపోదు. ఉక్కపోతకి తోడు సముద్రపు గాలి జిడ్డు. అయినా ఈ ఊరి కుర్రకారులో కొందరు ఆ తపస్సుకి పూనుకుంటున్నారు. పాట తామే రాసుకుని, తామే వరస కట్టి, తామే పాడి, ఇంట్లోనే రికార్డు చేసుకుంటున్నారు. ఒక కంప్యూటరు, గుప్పెడంత ఇంటర్‌ఫేస్ పెట్టె, 48 వోల్టులు అందితేగాని ప్రాణం రాని కండెన్సర్ మైకు, చెవులకి హెడ్‌ఫోన్లు. సరంజామా అంతే. ఒకప్పుడు ఈ పనికి మద్రాసు రైలెక్కాల్సి వచ్చేది.

మా మేనల్లుడి స్టూడియో జగన్నాథపురంలో, వాళ్లింటి మేడ మీద గది. ప్రతిధ్వని రాకుండా ఒక గోడకి పాత బూరుగుదూది పరుపు నిలబెట్టాడు. మైకు ఎదురుగా వాళ్లమ్మ చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి ఉంటాయి; మడతల్లో పడ్డ శబ్దం తిరిగి రాదని వాడి నమ్మకం, నిజమే కూడా. ఫ్యాన్ కట్టేసి, గెయిన్ మీట పెంచి, హెడ్‌ఫోన్లు నా తలకి తగిలించి, "ఏం వినపడుతోంది మావయ్యా?" అన్నాడు. గోడ గడియారం వినపడింది. కింద వంటింట్లో ఫ్రిజ్ వినపడింది. వీధి మలుపులో చేపలమ్మే ఆవిడ కేక, బయట ఉన్నప్పటికంటే స్పష్టంగా. అన్నిటికీ అడుగున ఒక సన్నటి హోరు. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తాలు తిరుగుతుంది. ఎర్తింగ్ సరిగ్గా కుదరని ఇంట్లో ఆ తిరుగుడు తీగల్లోకి దిగి ఎవరూ కోరని శ్రుతిపెట్టె అవుతుంది. అది కాక మరేదో ఉండుండి ఉస్సురంటోంది. అదేమిట్రా అన్నాను. "అది మీరే. కాస్త మెల్లిగా ఊపిరి తీసుకోండి" అన్నాడు.

పదమూడో శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో సంగీత రత్నాకరం రాసిన శార్ఙ్గదేవుడు నాదాన్ని ఆహతమని, అనాహతమని రెండుగా విడదీశాడు. ఒకటి తాకిడి వల్ల పుట్టేది, రెండోది ఏ తాకిడీ లేకుండా ఉండేది. రెండో దాన్ని ఆకాశానికెత్తి వదిలేసిన గ్రంథాలు చాలా ఉన్నాయి. శార్ఙ్గదేవుడు అలా చెయ్యలేదు. అనాహతం మునులకి ముక్తినిస్తుంది, ఒప్పుకుంటాను, కాని దానికి జనాన్ని రంజింపజేసే గుణం లేదు, కనక నేను ఆహతం గురించే చెబుతాను అన్నాడు. ఆ మాటలోని నిజాయితీ నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. మోక్షం పేరు చెప్పి పాటని చిన్నచూపు చూడలేదాయన. రంజింపజేసే నాదమే భవబంధాన్నీ తెంపగలదన్నాడు.

నాదం పుట్టే వరస కూడా ఆయనే చెప్పాడు. ఆత్మకి పలకాలనిపిస్తుంది. అది మనసుని కదుపుతుంది, మనసు ఒంట్లోని అగ్నిని తడుతుంది, అగ్ని వాయువుని లేపుతుంది. వాయువు నాభి దగ్గర అతిసూక్ష్మంగా, గుండెలో సూక్ష్మంగా, గొంతులో పుష్టంగా, తలలో అపుష్టంగా పలికి, చివరికి నోటికి చేరేసరికి కృత్రిమం అవుతుంది. కృత్రిమమన్నది ఆయన మాటే. అంటే లోకం పాట అని పిలిచేది అయిదు మజిలీల్లో చిట్టచివరిది. ఎంత ఖరీదు పెట్టి కొన్న మైకైనా అందుకునేది అక్కడి నుంచే.

దీనికంటే చాలా పాతది ఋగ్వేదం మొదటి మండలంలోని 164వ సూక్తం. దీర్ఘతముడు ద్రష్ట. వాక్కు నాలుగు పాళ్లనీ, మూడు గుహలో దాగి ఉంటాయనీ, మనుషులు మాట్లాడేది నాలుగోదేననీ అందులో ఉంది. తర్వాతివాళ్లు ఆ నాలుగిటికీ పర, పశ్యంతి, మధ్యమ, వైఖరి అని పేర్లు పెట్టుకున్నారు. పాట కట్టేవాడికి ఇవి పుస్తకంలో మాటలు కావు. ఏదో పలకాలన్న సలుపు, ఏమిటో తెలియని దశ ఒకటి. భానుగుడి జంక్షన్లో సిగ్నల్ దగ్గర బండి ఆపినప్పుడు పాట మొత్తం ఒక్కసారి, మాటలు లేకుండా, మెరిసి మాయమయ్యే దశ ఇంకొకటి. పెదవి కదలకుండా లోపల గొణుక్కుంటూ మాటకి మాట అతుక్కునేది మూడోది. గోడకి పరుపు నిలబెట్టడం నాలుగోదాని కోసం.

దేవులపల్లి కృష్ణశాస్త్రి కథ ఇక్కడ తలుచుకోవాలి. ఆయన పుట్టింది పిఠాపురం పక్కన, పాఠం చెప్పింది కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలలో. మాటాడితే వినాలనిపించే మనిషని పేరు. 1960ల్లో గొంతుకి వచ్చిన క్యాన్సర్ ఆయన స్వరాన్ని తీసుకుపోయింది. అప్పటినుంచి సంభాషణ అంతా కాగితం ముక్కల మీదే. పాట ఆగిందా? సినిమాలకి రాస్తూనే వచ్చారు. రాసిన పల్లవిని పైకి పాడి చూసుకునే వీల్లేకుండానే, గాయనీ గాయకుల నోట అతికినట్టు కూర్చునే మాటలు రాశారు. వైఖరి పోయినా మధ్యమ చెక్కుచెదరలేదనడానికి ఇంతకంటే రుజువు నాకు తెలియదు. స్టూడియో ఆయనకి ఉండీ లేనట్టే. వినికిడంతా లోపల జరిగింది.

ఇంతకీ ఇంటి స్టూడియోలో అసలు పరీక్ష పాడటం కాదు, పాడింది వినడం.

మొదటిసారి తన గొంతు తాను విన్నవాడెవడూ "బాగుంది" అనడు. "ఇది నా గొంతు కాదు" అంటాడు. కారణం శరీరంలోనే ఉంది. మన మాట మనకి గాలిలోంచి చెవికి చేరడమే కాదు, పుర్రె ఎముకల గుండా లోపలి నుంచీ చేరుతుంది. ఎముక మంద్ర స్థాయిని బాగా మోస్తుంది, అందుకని మన గొంతు మనకి కాస్త గంభీరంగా, నిండుగా తోస్తుంది. మైకుకి ఆ ఎముక దారి లేదు. లోకమంతా రోజూ వింటున్న గొంతు మనం ఒక్కరమే ఇంతకాలం వినలేదన్నమాట. 'నేను' అని గట్టిగా నమ్మినవాటిలో ఒకటి ఎముకల ప్రతిధ్వని అని ఒక్క క్షణంలో తేలిపోతే మనిషి ముఖం చిట్లించుకోక ఏం చేస్తాడు?

దీర్ఘతముడి సూక్తం దగ్గరికి మళ్లీ రావాలి. వాక్కు నాలుగు పాళ్లన్న ఆ సూక్తంలోనే, దానికి ముందు, రెండు పిట్టల మంత్రమూ ఉంది. ఒకే చెట్టు మీద జంట పిట్టలు; ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. ముండకోపనిషత్తు ఎత్తుకున్నాక ఇది జీవుడి గురించీ ఈశ్వరుడి గురించీ చెప్పే మంత్రంగా స్థిరపడింది. వాక్కు మంత్రమూ పిట్టల మంత్రమూ ఒకే ఋషి, ఒకే సూక్తంలో చెప్పడం కాకతాళీయమని నేననుకోను. పలకడం గురించి లోతుగా ఆలోచించిన మనిషికి, పలికేవాడి పక్కన పలకనివాడు ఒకడు కూర్చుని ఉన్నాడని తట్టడం సహజమే. సామవేదానికి చెందిన కేనోపనిషత్తు కూడా వెతికింది చెవి వెనక ఉన్న చెవినే. పాటల వేదంలో పుట్టిన ఉపనిషత్తు తన జవాబుని వినికిడితో మొదలుపెట్టడం నాకు ఉచితంగా తోస్తుంది.

అయితే ఇక్కడ ఒక పొరపాటు చాలా తేలికగా జరుగుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన టేక్ విని, "ఛీ, ఇక్కడ అపశ్రుతి, అక్కడ ఊపిరి చాల్లేదు" అని నొచ్చుకునేవాణ్ణి మనం సాక్షి, అంటే చూసే పిట్ట, అనుకుంటాం. కాదు. వాడూ పండు తినే పిట్టే. ఇందాక తీపి పండు తిన్నాడు, ఇప్పుడు చేదు పండు తింటున్నాడు. పోనీ, మైకు సాక్షి అందామా? మైకుకి రాగద్వేషాలు లేవు, చేపలావిడ కేకనీ నా ఊపిరినీ త్యాగరాజ కృతినీ ఒకే తీరున పట్టుకుంటుంది. కాని దానికి ఎరుక లేదు. వంక పెట్టేవాడికి ఎరుక ఉంది, నిలకడ లేదు. ఎరుకా నిలకడా రెండూ ఉన్న వినికిడి ఒకటి ఉంటుందా అన్నది ఈ గది వేసే ప్రశ్న. సభలో ఈ ప్రశ్న పుట్టదు. వందేళ్లు దాటిన మన ఊరి సరస్వతీ గానసభలో పాడే విద్వాంసుడికి ఎదురుగా వినేవాళ్లు కూర్చుని ఉంటారు. ఆ పని వాళ్లకి అప్పగించి ఆయన పాటలో మునగొచ్చు. గదిలో ఒంటరిగా పాడేవాడికి ఆ సదుపాయం లేదు.

ఎరుకా నిలకడా ఉన్న వినికిడి ఉంటుందనే నేననుకుంటాను, చూశాను గనక. మొదట్లో మావాడు టేక్ విన్నప్పుడల్లా హెడ్‌ఫోన్లు విసిరికొట్టినంత పని చేసేవాడు. ఇప్పుడు వింటూ వింటూ, "రెండో చరణంలో షడ్జం కిందికి జారింది" అంటాడు, పక్కింటి వాళ్ల కుళాయి కారుతోందన్నంత మామూలుగా. సిగ్గూ లేదు, సమర్థింపూ లేదు. ఆ ఒక్క వాక్యం అన్నవాడు పాడినవాడు కాడు, తిట్టుకునేవాడూ కాడు. ఆ తర్వాత మామూలే, మళ్లీ కాస్త విసుగు, మళ్లీ టీ.

సాక్షి వెనకబడితే ఏమవుతుందో కూడా ఈ యంత్రాలే చూపిస్తాయి. సెట్టింగు సరిగ్గా లేకపోతే పాడేవాడి గొంతు వాడి చెవికే ఆలస్యంగా చేరుతుంది. సెకనులో అయిదో వంతు ఆలస్యం చాలు, గడగడా మాట్లాడేవాడు కూడా నత్తినత్తిగా తడబడతాడు. తన్ను తాను తర్వాత తలచుకుని చూసుకోవడం వేరు, పాడుతుండగానే వినడం వేరు. మొదటిది జ్ఞాపకం. పిట్టలు రెండూ ఒకే చెట్టు మీద, ఒకే వేళ ఉన్నాయని మంత్రం చెప్పింది అందుకే కాబోలు.

బాలాంత్రపు రజనీకాంతరావు గారి తరానికి ఇన్ని టేకులు లేవు. 1941లో మద్రాసు రేడియోలో చేరిన రజని పాట రాసేవారు, వరస కట్టేవారు, పాడేవారు. మాటా వరసా రెండూ తనవే అయినవాడు ఉత్తమ వాగ్గేయకారుడన్న శాస్త్రానికి మన కాలపు సాక్ష్యం. 1947 ఆగస్టు 15న టంగుటూరి సూర్యకుమారి గొంతులో మద్రాసు కేంద్రం వినిపించిన స్వాతంత్ర్య గీతం ఆయనదే. ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము రాసి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. ఆనాటి రేడియోలో ఎర్ర దీపం వెలిగిందంటే పాడటమే, తప్పయినా ఒప్పయినా గాలిలో కలిసినట్టే. ఇప్పుడు చెరిపి మళ్లీ పాడొచ్చు, ఎన్నిసార్లయినా. పతంజలి అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ ఒకే సూత్రంలో కట్టాడు. ఇంటి స్టూడియో అభ్యాసానికి హద్దు తీసేసి, వైరాగ్యాన్ని మన నెత్తిన పెట్టింది. ఇక చాలు అనడం ఇప్పుడు ఎవరో చెప్పే మాట కాదు.

ముక్కలు అతికించడం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. పల్లవి ఒక టేక్‌లోది, చరణం ఇంకో టేక్‌లోది అయితే కొంప మునగదు. శ్రుతి సవరించే సాఫ్ట్‌వేర్‌తోనే నా పేచీ. సప్తకాన్ని 12 సమాన మెట్లుగా కొలిచే లెక్కలో అది తోడి రాగపు గాంధారాన్ని చూస్తే, ఆ ఊగడమే దానికి తప్పుగా కనిపిస్తుంది. అదుపు లేకుండా వదిలేస్తే గమకాన్ని చదును చేసి పెడుతుంది. ఊపిరి పీల్చిన చప్పుళ్లు కూడా అన్నీ తీసేస్తే పాడినవాడు బతికే ఉన్నాడా అని అనుమానం వస్తుంది. తిరుమల రాగిరేకుల మీద అన్నమయ్య సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఆయన ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో లేదు. అది దొరికితే ఏం ఇవ్వమన్నా ఇచ్చేవాళ్లం. చేతిలో ఉన్నవాళ్లు చెరిపేస్తున్నారు.

ఇక పేరు సంగతి. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ తొలి రికార్డులిచ్చినప్పుడు పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో ప్రకటించేది. రికార్డులు జర్మనీలో అచ్చయ్యేవి, అక్కడివాళ్లకి ఎవరిదో తెలియాలి మరి. మన వాగ్గేయకారుల ముద్ర దానికి ఎదురు దారి. అన్నమయ్యది వేంకటేశుడి పేరు, క్షేత్రయ్యది మువ్వగోపాలుడి పేరు. సొంత పేరే పెట్టుకున్న త్యాగరాజు దాన్ని వినుతులందుకునే రాముడి ముందర విశేషణంగా వంచాడు. ఈ కాకినాడలోనే 1930లో పుట్టిన పి.బి.శ్రీనివాస్ గొంతు కూడా నాకు ఆ కోవలోదిగానే వినిపిస్తుంది. మైకుకి దగ్గరగా, చెవిలో చెప్పినట్టు పాడే ఆ పద్ధతిలో 'నేను' అన్నది చాలా తక్కువ.

రజని తండ్రి వేంకటరావు గారూ ఓలేటి పార్వతీశం గారూ పిఠాపురంలో వేంకట పార్వతీశ్వర కవులన్న ఒకే పేరుతో రాశారు. వాళ్ల ఏకాంతసేవలో ఏ పంక్తి ఎవరిదో విడదీయలేం. మావాడికీ, కీబోర్డు వాయించే వాడి స్నేహితుడికీ పాట కింద ఎవరి పేరు ముందు వెయ్యాలన్న దగ్గర మాటా మాటా పెరిగినప్పుడు నేను ఈ కథ చెప్పాను. ఇద్దరూ బుద్ధిగా విన్నారు. తర్వాత రెండు పేర్లూ వేశారు, కీబోర్డు కుర్రాడిది ముందు. అది న్యాయమే. ఆ పాటలో పల్లవికి ముందొచ్చే వాయింపే మా వీధిలో పిల్లలంతా ఈల వేస్తున్నారు.