హైబ్రిడ్ వాహనంలో కర్త ఎవరు? సిరొంచ దారి మీద ఒక విచారణ

ఒక పని జరిగినప్పుడు దానికి కర్త ఎవరు అనే ప్రశ్నను భారతీయ దర్శనాలు కుండ, వస్త్రం, రథం వంటి వస్తువులను ముందుంచుకొని చర్చించాయి. ఆ వస్తువుల విషయంలో చేసేవాడు, పనిముట్టు, పదార్థం విడివిడిగా కంటికి కనిపిస్తాయి గనుక చర్చకు గట్టి ఆధారం దొరికింది. పెట్రోలు ఇంజనూ విద్యుత్ మోటారూ కలిసి నడిపే హైబ్రిడ్ కారులో ఆ విభజన అంత తేటగా ఉండదు. యాక్సిలరేటర్ మీద కాలు డ్రైవరుదే అయినా, ఆ క్షణాన చక్రాన్ని తిప్పుతున్నది ఇంజనా, బ్యాటరీలో నిలవ ఉన్న విద్యుత్తా, రెండూనా అన్నది అతడు తేల్చడు. కారులోని నియంత్రణ కంప్యూటర్ తేలుస్తుంది. ఇటువంటి వాహనం కొత్తగా కొన్నవారికి పెద్దలూ మెకానిక్కులూ చెప్పే జాగ్రత్తలు పైకి మరమ్మతు సంగతుల్లా కనిపిస్తాయి గాని, చేజారిన కర్తృత్వంలో ఎంత భాగాన్ని యజమాని మళ్లీ అందుకోగలడన్న ప్రశ్నకు అవి ఒక విధమైన సమాధానాలు.

ఈ ప్రశ్నను సిరొంచ వైపు నుండి చూడడానికి తగిన కారణం ఉంది. ప్రాణహిత ఒడ్డున, ఆ నది గోదావరిలో కలిసే చోటికి దగ్గరగా ఉన్న ఈ తాలూకా 1982లో చంద్రపూర్ నుండి గడ్చిరోలి జిల్లా విడివడినప్పుడు కొత్త జిల్లాలో దక్షిణపు కొసగా మిగిలింది. ఇళ్లలో తెలుగు, కచేరీలలో మరాఠీ నడిచే ఈ ప్రాంతానికి సొంత జిల్లా కేంద్రం ఆలాపల్లి టేకు అడవుల మీదుగా రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉండగా, గోదావరి మీద వంతెన 2016 చివరలో అందుబాటులోకి వచ్చిన తరువాత కాళేశ్వరం, భూపాలపల్లి, వరంగల్ చాలా దగ్గరయ్యాయి; అంతకు ముందు నది దాటడమంటే పడవ ఎక్కడమే. దూరాలు ఎక్కువై, దారిలో సగం అడవే అయిన చోట, తీగ తగిలించి ఛార్జింగ్ చేయవలసిన పూర్తి విద్యుత్ కారు కొనడానికి ఏ కుటుంబమైనా వెనుకా ముందూ ఆడుతుంది. బంకులో పెట్రోలు పోయించుకుంటే చాలునన్న హైబ్రిడ్ అటువంటి వారికి మధ్యేమార్గంగా తోస్తుంది.

ఆ వంతెన దాటిన వెంటనే వచ్చే కాళేశ్వర ముక్తేశ్వరాలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి: యమస్వరూపంగా పూజలందుకునే కాళేశ్వరుడు ఒకటి, ముక్తేశ్వరుడు రెండవది. రెండు శక్తులు ఒకే పీఠాన్ని పంచుకున్న కారుకు ఈ పానవట్టాన్ని ఉపమానంగా తేవడం తేలిక. అంత తేలికగా దొరికిన ఉపమానాన్ని అనుమానించడం మంచిది. ఆలయంలో ముందు కాళేశ్వరుడికి, తరువాత ముక్తేశ్వరుడికి అర్చన జరగాలన్నది సంప్రదాయం. ఆ క్రమం మారదు, ఒకరి స్థానంలోకి మరొకరు రారు. కారులో క్రమం క్షణక్షణమూ మారుతుంది. అంతకంటె ముఖ్యంగా, కారులోని రెండు శక్తులలో ఒకటి రెండవదాని సంపాదన మీద బతుకుతుంది.

ఈ చివరి మాటను కొంత విడమరచాలి. హైబ్రిడ్‌లలో మూడు తెగలున్నాయి. మోటారు ఇంజనుకు కేవలం తోడ్పాటు ఇచ్చేది మైల్డ్ హైబ్రిడ్. మోటారు ఒక్కటే కొంతదూరం కారును నడపగలిగేది స్ట్రాంగ్ హైబ్రిడ్. బ్యాటరీని ఇంటి ప్లగ్గు నుండి కూడా నింపుకోగలిగేది ప్లగ్-ఇన్ హైబ్రిడ్. టయోటా సంస్థ 1997 డిసెంబరులో జపాన్‌లో ప్రియస్‌ను అమ్మకానికి తెచ్చినప్పటి నుండి రెండవ తెగ ప్రపంచానికి పరిచయమైంది. భారతదేశంలో 2022లో వచ్చిన హైరైడర్, గ్రాండ్ విటారా, హోండా సిటీ హైబ్రిడ్ నమూనాల తరువాత మధ్యతరగతి ఇళ్ల వాకిళ్లకు చేరింది. హైరైడర్, గ్రాండ్ విటారాల స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఉన్న బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ గంటలు, అంటే కరెంటు బిల్లులో ఒక యూనిట్ కూడా నిండదు. ఆ కొద్దిపాటి విద్యుత్తు కూడా ఆకాశం నుండి ఊడిపడింది కాదు. ఇంజను నేరుగా నింపినదో, పెట్రోలు ఖర్చుతో వేగం పుంజుకున్న కారు బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చినదో అయి ఉంటుంది. కనుక ప్లగ్గు లేని హైబ్రిడ్‌లో ద్వైతం పైకి కనిపించేదే. మూలపదార్థం ఒక్కటే, అది పెట్రోలు.

ఇక్కడ న్యాయదర్శనం పనికివస్తుంది. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో, ఈశ్వరుడే జగత్కర్త అని నిరూపించే సందర్భంలో, కర్తకు మూడు లక్షణాలు చెప్పాడు. ఉపాదానాన్ని, అంటే కార్యం ఏ పదార్థం నుండి పుడుతుందో దానిని, గురించిన అపరోక్ష (ప్రత్యక్ష) జ్ఞానం మొదటిది; చికీర్ష, అంటే చేయాలన్న కోరిక, రెండవది; కృతి, అంటే లోపలి ప్రయత్నం, మూడవది. కుమ్మరికి ఈ మూడూ ఉన్నాయి గనుక అతడు కుండకు కర్త. హైబ్రిడ్ నడిపేవాడికి కోరిక ఉంది, ప్రయత్నం ఉంది. మొదటి లక్షణమే లోపించింది. అతడు ఏ శక్తిని ఖర్చు చేస్తున్నాడో అతడికే తెలియదు. డ్యాష్‌బోర్డు మీద బాణాలు గీసి చూపే శక్తిప్రవాహ చిత్రం ఉంది కదా అంటే, అది తెరమీది బొమ్మ. శాస్త్రం అడిగిన అపరోక్ష జ్ఞానం అది కాదని ఏ నైయాయికుడైనా వెంటనే పట్టుకుంటాడు.

అయితే ఉపాదానాన్ని గురించి ఎంత తెలిస్తే చాలు అన్న ఎదురు ప్రశ్న ఉంది. సిరొంచ తాలూకాలోని పోచంపల్లి పరిసరాల్లో, కోటా శిలాస్తరాలలో, బారపాసారస్ అనే జురాసిక్ కాలపు మహాకాయ జంతువు ఎముకలు దొరికాయి; 1975లో దానికి ఆ పేరు పెట్టారు, దాని అస్థిపంజరం కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబెట్టి ఉంది. ఆ నేల మీదనే మట్టి తవ్వుకునే కుమ్మరికి ఆ మట్టి వయసు తెలియనక్కరలేదు. తడి ఎంత ఉందో, ఇసుక ఎంత కలిసిందో తెలియాలి. (పెట్రోలు ఇటువంటి మహాజంతువుల నుండి పుట్టిందన్న నమ్మకం జనంలో ఉంది గాని, అది ప్రధానంగా ప్రాచీన సముద్రాల సూక్ష్మజీవుల అవశేషం.) కర్తకు కావలసింది పదార్థపు పుట్టుపూర్వోత్తరాలు కాదు, చేతిలో ఉన్న పనికి సంబంధించినంత మేరకు దాని స్వభావం. ఆ జ్ఞానం హైబ్రిడ్ యజమానికి సాధ్యమే. దానికి తెర కంటె కాలే మంచి ప్రమాణం.

బ్రేకు విషయం చూస్తే ఇది తేటపడుతుంది. బ్రేకు మీద కాలు మెల్లగా ఆనినప్పుడు మోటారు జనరేటరుగా మారి, కారు వేగంలో ఉన్న శక్తిని విద్యుత్తుగా బ్యాటరీకి పంపుతుంది. దీనినే రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. గట్టిగా తొక్కినప్పుడు మోటారు అందుకోలేని భాగమంతా బ్రేకు ప్యాడ్ల రాపిడిలో వేడిగా పోతుంది. ఆలాపల్లి దారిలో గుంతకూ గుంతకూ మధ్య వేగం పెంచి, గుంత దగ్గర ఒక్కసారిగా తొక్కేవాడు కొన్న పెట్రోలునే గాలిలో కలుపుతున్నాడు. ముందుగా చూసి, దూరం నుండే వేగం తగ్గించుకొచ్చేవాడు దానిలో కొంత తిరిగి పొందుతాడు. దీనికి విరుద్ధమైన దోషం కొత్త యజమానులలో ఎక్కువ. కారు మోటారు మీదనే నడుస్తున్నదని చూపే ఈవీ అన్న పచ్చదీపం ఆరిపోతుందేమోనని, వెనుక లారీలు హారను కొడుతున్నా, నత్తనడకన పోవడమే పొదుపని వారు భావిస్తారు. ఆ విధంగా ఖాళీ చేసిన బ్యాటరీని తరువాత ఇంజను పెట్రోలు మండించే నింపాలి, ఆ మార్పిడిలో కొంత నష్టం తప్పదు. మూలం ఒక్కటేనని తెలిసినవాడు దీపాన్ని మరచిపోయి, తగిన వేగాన్ని చకచకా అందుకొని, ఆపైన కాలు తేలిక చేస్తాడు. ప్రభుత్వ పరీక్షలో హైరైడర్, గ్రాండ్ విటారాలకు లీటరుకు 27.97 కిలోమీటర్లు అని తేలిన సంఖ్య ఆ పరీక్ష షరతులకు చెందినది. నాలుగు వరుసల రహదారి మీద నూటికి దగ్గరగా ఆగకుండా పోయే ప్రయాణంలో హైబ్రిడ్‌కు ఊళ్లో ఉన్నంత మేలు ఉండదు.

కఠోపనిషత్తులోని రథరూపకం ఈ చర్చకు మరొక కోణాన్ని ఇస్తుంది. అక్కడ శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనస్సు కళ్లెం, బుద్ధి సారథి. ఆత్మ రథంలో కూర్చున్న రథికుడు. రథికుడూ సారథీ వేరని చాలామంది గమనించరు. హైబ్రిడ్ డ్రైవరు తనను సారథిగా భావించుకుంటాడు గాని, రెండు గుర్రాల మధ్య బరువు పంచే సారథ్యం కంప్యూటర్‌ది. అతడు ఎటు పోవాలో, ఎంత వేగంగా పోవాలో తెలిపే రథికుడికి దగ్గరవాడు. యాక్సిలరేటర్ ఈ కారులో ఇంజనుకు ఆజ్ఞ కాదు, కోరికను తెలిపే మీట. భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఏ పనికైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అని అయిదు కారణాలు చెప్పి, తానొక్కడే కర్తననుకునేవాడిని సరిగా చూడలేనివాడంటుంది. కొందరు దీనిని బాధ్యత నుండి తప్పుకునే దారిగా చదువుతారు. ఆ చదువు పొరపాటు: అయిదింటిలో కర్త ఒకడు ఉన్నాడే గాని లేకుండా పోలేదు. వ్యాకరణశాస్త్రం కూడా, పాణిని కాలం నుండే, ఇతరుల చేత పని చేయించేవాడిని కర్తృత్వం నుండి తొలగించలేదు. కంప్యూటర్ చేత చేయించిన ప్రయాణానికి చేయించినవాడు కర్తే.

ఈ తాలూకా అడవి దారులలో ఆ బాధ్యత శబ్దం రూపంలో ఎదురవుతుంది, లేదా శబ్దం లేకపోవడం రూపంలో. మోటారు మీద మెల్లగా పోయే కారు చప్పుడు చాలా తక్కువ; కొన్ని నమూనాలు తక్కువ వేగంలో కృత్రిమ ధ్వని చేస్తాయి గాని, మునిమాపువేళ రోడ్డు మీద పడుకున్న పశువుకు అది హెచ్చరికగా చాలుతుందని నమ్మలేము. అడవి గేదెల కోసం కేటాయించిన కోలామార్కా ప్రాంతం కూడా సిరొంచ అటవీ విభాగంలోనిదే. జైనాచార్యుడైన ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో హింసను ప్రాణహరణంగా మాత్రమే కాక, ప్రమాదంతో, అంటే ఏమరుపాటుతో, కూడిన ప్రాణహరణంగా నిర్వచించాడు. డీజిల్ జీపు నడిపినవాడికి ఆ చప్పుడే కొంత కాపలా కాసింది. హైబ్రిడ్ నడిపేవాడు ఆ కాపలాను తన కంటితో చేయాలి.

కొత్త బండికి గుడి ముందు చేయించే పూజలోనూ ఇదే అపాయం ఉంది, దీనిని గురించి షోరూముల్లో చెప్పేవారు తక్కువ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు, బానెట్టు మీద పసుపు కుంకుమ దిద్దేవారు, కొబ్బరికాయ కొట్టేవారు కారు చుట్టూ వంగి ఉంటారు. ఇంజను చప్పుడు లేదు గనుక కారు ఆగి ఉందనే అందరి నమ్మకం. రెడీ అన్న దీపం వెలుగుతున్నదంటే అది కదలడానికి సిద్ధంగా ఉన్న కారు. పొరపాటున కాలు తగిలితే నిమ్మకాయ పెడుతున్న చేతి మీదికే పోతుంది. పూజ సాగినంతసేపు గేరు పార్కింగ్‌లో ఉంచి కారును పూర్తిగా ఆపివేయాలి. బానెట్టు ఎత్తి లోపల తీర్థం చల్లరాదు. అక్కడి నారింజరంగు తీగలలో నూరు ఓల్టులకు మించిన విద్యుత్తు ఉంటుంది, వాటిని శిక్షణ లేని మెకానిక్కు సైతం తాకరాదు.

మిగిలిన జాగ్రత్తలు గీత చెప్పిన కరణాలకూ, అంటే పనిముట్లకూ, దైవానికీ సంబంధించినవి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, కంప్యూటర్లను మేల్కొలిపే 12 ఓల్టుల చిన్న బ్యాటరీ చచ్చిపోతే కారు కదలదు. కనుక వారాల తరబడి ఊరు విడిచిపోయేవారు మధ్యమధ్య ఎవరిచేతనైనా అరగంటసేపు నడిపించాలి. పెద్ద బ్యాటరీ చల్లబడడానికి చాలా నమూనాలలో వెనుక సీటు దగ్గర గాలి మార్గం ఉంటుంది. ధాన్యపు సంచులూ దుప్పట్లూ దానికి అడ్డం పెడితే, విదర్భ ఎండలో బ్యాటరీ ఆయుష్షు తరుగుతుంది. ట్రాఫిక్‌లో న్యూట్రల్‌లో పెట్టి ఆగే పాత అలవాటు మానాలి, ఎందుకంటే చాలా నమూనాలలో ఆ స్థితిలో బ్యాటరీ నిండదు. 2022 జులైలో వచ్చినట్టి వరద మళ్లీ వచ్చి ప్రాణహిత, గోదావరి ఒకేసారి పొంగితే, నీట మునిగిన కారును స్టార్టు బటన్ నొక్కి పరీక్షించరాదు. లాగించి సర్వీసు కేంద్రానికి చేర్చడమే దారి.

కర్తృత్వం ఎక్కడ ముగుస్తుంది అన్న ప్రశ్న బ్యాటరీ చివరిదశలో మళ్లీ వస్తుంది. పైన చెప్పిన నమూనాల బ్యాటరీకి తయారీదారులు 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు, ఏది ముందైతే అది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు పాడైన బ్యాటరీని సేకరించి శుద్ధిచేయించే బాధ్యతను ఉత్పత్తిదారు మీద ఉంచాయి. దానిని ఇతర చెత్తలో కలపకుండా అధికృత కేంద్రానికి అందజేయవలసిన పని వాడుకునేవాడిది. కారు ఈలోగా చేతులు మారి, గడ్చిరోలి రిజిస్ట్రేషన్‌తో నది దాటి రెండవ యజమాని దగ్గరికి పోవచ్చు. అప్పుడు బ్యాటరీని పాత సామాన్లవాడికి తూకానికి వేసే కృతి రెండవవాడిదే అయినా, ఉపాదాన జ్ఞానం అతడికి అందకపోవడానికి మొదటివాడూ కారణమవుతాడు. సర్వీసు పుస్తకాన్నీ వారంటీ కాగితాలనూ అమ్మకంతోపాటు అప్పగించడం మొదటి యజమాని మర్యాద మాత్రమేనా, లేక కర్తగా అతడి విధి కూడానా అన్నది న్యాయదర్శనం ఇచ్చిన మూడు లక్షణాలతో తేలదు. ఒకరి జ్ఞానం మరొకరి కృతికి ఎంతవరకు అంగమవుతుందో ఆ నిర్వచనం చెప్పలేదు.