ఎవరి కోసం బాగుచేస్తున్నాను

ఆదివారం పూట బండి కింద ఎందుకు దూరతావని ఎవరైనా అడిగితే డబ్బు మిగులుతుందని చెబుతాను. రాయ్‌పూర్ శంకర్ నగర్‌లో మా వీధివాళ్లకు ఆ జవాబు చాలు. కాగితం మీద లెక్క వేస్తే మాత్రం అది నిలబడదు. మెకానిక్ కూలీ మిగులుతుంది, నిజమే. కానీ మా టాటా 207 డీఐ కోసం కొన్న పానాలు, గ్రీజు గన్ను, ఫీలర్ గేజి, జాకీ స్టాండ్లు, ఆ పూట మా పైపుల కొట్టులో కూర్చుని ఉంటే జరిగే బేరం అన్నీ కలిపితే నాకు మిగిలేది ఏమీ లేదు. అయినా చేస్తూనే ఉన్నాను. ఎందుకో నాకు నేను నిజం చెప్పుకోవాలి.

ముందు బండి సంగతి. టాటావాళ్లు 407ను 1986లో, టాటామొబైల్ పికప్‌ను 1988లో తెచ్చారు. మా 207 ఆ తరవాత వచ్చిన రకం. నాలుగు సిలిండర్లు, 2956 సీసీ. ఇంజిన్ 407 కుటుంబానిదే కాబట్టి సామాను ఇప్పటికీ దొరుకుతుంది. మొదట్లో కొట్టు పైపులన్నీ దీనిమీదే వెళ్లేవి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ ప్రమాణాలు అమలయ్యాక వచ్చిన పికప్పులకు స్కానర్ తగిలిస్తేగానీ జబ్బు అంతుపట్టదు. మా కొట్టుకు అలాంటి కొత్త బండి కూడా ఒకటి ఉంది. దానికి నేను ఆయిల్, టైర్ల గాలి చూడటం తప్ప ఏమీ చేయను. 207 అలా కాదు. చెవి పెట్టి వింటే చెబుతుంది. టాపెట్ మోత వేరు, నాజిల్ కొట్టుకునే మోత వేరు. వెనక కమాను కట్టలో బుష్ అరిగితే గుంటలో పడ్డప్పుడు వచ్చే చప్పుడు వేరు.

డీజిల్ ఫిల్టర్ మార్చాక ఎయిర్ తీయడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. ఫిల్టర్ తల మీది చిన్న బోల్టును కాస్త వదులు చేసి చేతి పంపు నొక్కుతూ పోవాలి. మొదట బుస్సుమని గాలి వస్తుంది. తరవాత నురగ. నురగ తగ్గి, అక్కడొకటి ఇక్కడొకటి బుడగలు. బుడగ అన్నది లేకుండా డీజిలు ధార కట్టేదాకా ఓపిక పట్టాలి. అప్పుడు కూడా పంపు మీద చెయ్యి తీయకుండానే బోల్టు బిగించాలి, లేకపోతే మళ్లీ గాలి లాక్కుంటుంది. డీజిలును నొక్కితే ఎక్కడికీ పోదు, గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది. లైనులో గాలి మిగిలితే పంపు తోసిన బలమంతా దాన్ని నొక్కడానికే ఖర్చయిపోతుంది, నాజిల్ తెరుచుకోదు. ఇంజిన్ అందుకున్నట్టే అందుకుని ఆగిపోతుంది. కారణం ఇదీ, ఫలితం ఇదీ అని ఇంత స్పష్టంగా కనిపించే పని నా మిగతా బతుకులో లేదు. కొట్టులో బాకీ ఎందుకు వసూలు కాదో తెలియదు. అన్నయ్య ఎందుకు మాట్లాడటం మానేశాడో తెలియదు. ఎయిర్ ఎక్కడ పట్టిందో తెలుస్తుంది. డబ్బు మాట వెనక నేను దాచుకున్న సంతోషాల్లో ఇది ఒకటి.

ఇంకొకటి మా నాన్న.

మా సొంతూరు సాలూరు. 1913లోనే మా ఊరికి రైలు వచ్చింది గానీ అది బొబ్బిలి నుంచి వచ్చి అక్కడితో ఆగిపోయే కొమ్మ. 1931లో పూర్తయిన రాయ్‌పూర్ లైను పార్వతీపురం, రాయగడ మీదుగా పోయింది. రోడ్డు మాత్రం సాలూరు నుంచే ఘాట్ ఎక్కి కోరాపుట్, జగ్దల్‌పూర్, కేశ్‌కాల్, కాంకేర్, ధమ్‌తరి మీదుగా రాయ్‌పూర్ చేరుతుంది. అందుకే మా ఊరు లారీల ఊరైంది. నాన్న ఆ రోడ్డు మీద క్లీనర్‌గా ఎక్కి, డ్రైవరై, చివరికి ఇక్కడ రాయ్‌పూర్‌లోనే స్థిరపడ్డాడు. కేశ్‌కాల్ ఘాట్ పన్నెండు మలుపుల్లో ఎక్కడ గేరు దించాలో పడుకుని కూడా చెప్పేవాడు. ఇంటిముందు లారీ ఆపి ఏదైనా విప్పుతుంటే నేను దగ్గరికి వెళ్లేవాణ్ని. "ఏటిరా, ఇక్కడ నీకేటి పని? చదువుకో పో" అని కసిరేవాడు. పానా ముట్టనిచ్చేవాడు కాదు. చేతికి గ్రీజు అంటుకునే బతుకు తనతోనే ఆగిపోవాలని ఆయన పట్టుదల. నేను బీకాం చదివాను, కొట్టు పెట్టాను. ఆయన కోరుకున్నదే జరిగింది.

లారీ అమ్మేశాక నాన్న కొన్న బండి ఈ 207. ఆయన పోయాకే నేను పానా పట్టాను. అందరూ నాన్న మీద ప్రేమ అనుకుంటారు, నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ప్రేమ ఉంది, కాదనను. కానీ లోతుగా చూసుకుంటే, ఆయన ముట్టనివ్వనిదాన్ని ముట్టి తీరాలనే పంతం కూడా ఉంది. ఆయనకు కూడు పెట్టిన పని నాకు సరదా అయింది. ఆయన వేసవి ఎండలో, ఘాట్ రోడ్డు పక్కన, సరుకు దిగాల్సిన గడువు నెత్తిమీద పెట్టుకుని విప్పాడు. నేను షెడ్డు నీడలో, టీ తాగుతూ, బుద్ధి పుట్టినప్పుడు విప్పుతున్నాను. రెండింటినీ ఒకే పేరుతో పిలిచి వారసత్వం అనుకోవడం నాకిప్పుడు సమ్మతం కాదు.

అన్నీ నేనే చేస్తానని కాదు. నాజిల్స్, పంపు జోలికి పోను. నాజిల్ ఏ ఒత్తిడికి తెరుచుకుంటోంది, డీజిలు మంచులా చిమ్ముతోందా, చుక్కలుగా కారుతోందా అన్నది టెస్టర్ మీదే తెలుస్తుంది. ఆ చిమ్మే ధారకు చెయ్యి అడ్డం పెడితే చర్మంలోంచి లోపలికి దూరిపోతుంది. అందుకని వాటిని విప్పడం, తిరిగి బిగించడం కూడా భన్‌పురి వైపు పంపు షాపుకే వదిలేశాను. అక్కడి పెద్దమనిషి మన శ్రీకాకుళం వాడే. "బాబూ, పొగ చూసి వచ్చావా, మైలేజీ చూసి వచ్చావా?" అని అడుగుతాడు. నేను పొగ చూసే వెళతాను. ఉరలా, సిల్తరా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నల్లదుమ్ము ఈ ఊరికి కొత్త కాదు. దానికి నా వంతు కలపడం నాకు ఇష్టం లేదు. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువో గాలి తక్కువో అయినట్టు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూస్తాను, ఆ తరవాతే పంపు షాపు. నీలిపొగ వస్తే ఇంజిన్ ఆయిల్ మండుతున్నట్టు. ఆ రోజు వస్తే బోరు పని చేయించి బండిని బతికించుకోవాలా, తుక్కుకు ఇచ్చేయాలా అన్న ప్రశ్న నా ముందుంటుంది. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2015లోనే వద్దంది. ఎంత బాగా చూసుకున్నా పాత ఇంజిన్ బీఎస్-6 ఇంజిన్ అంత శుభ్రంగా మండదు. ఇది తెలిసే ఉంచుకున్నాను. బాగా చూసుకుంటున్నాను కదా అన్న సమాధానం సగమే.

నన్ను నిజంగా నిలదీసింది పొగ కాదు, మా డ్రైవరు. ఆరంగ్ దగ్గర పల్లె అతనిది, ఇంకా పాతికేళ్లు లేవు. నేను బాగుచేసిన బండిని మొన్నటిదాకా తోలేది అతను. కచ్నా, సడ్డూ వైపు కడుతున్న ఇళ్లకు పైపులు వేసుకుపోయేది అతను. నేను బిగించిన బ్రేకు మీద కాలు పెట్టేది అతను. ఇన్నాళ్లూ ఈ బండి మీద నాకున్న మమకారం గురించే ఆలోచించాను గానీ, అతనికి ఇది ఎలా ఉంటుందో అడగలేదు. మొన్న వేసవిలో అడిగాను. ముందు "బండి బాగుంది భయ్యా" అన్నాడు. మళ్లీ అడిగితే నెమ్మదిగా చెప్పాడు. స్టీరింగ్ బరువు, లోడు మీద ఇరుకు సందులో తిప్పితే సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి. మధ్యాహ్నం క్యాబిన్ కాలిపోతుంది. రాయ్‌పూర్ మే నెలలో 45 డిగ్రీలంటే మాటలా? 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. అదైనా మూడున్నర టన్నులు దాటినవాటికే, మా బండి రకానికి వర్తించదు. కొత్త పికప్ ఇస్తే అదే తోలుతానన్నాడు.

నాకు సరదా అయినదాని బరువు ఇంకొకడి భుజాల మీద పడుతోంది. మా నాన్న తన కొడుకును దేనినుంచి తప్పించాలనుకున్నాడో, దాన్ని నేను ఇంకొకరి కొడుకు చేతిలో పెట్టి నెలనెలా జీతం ఇస్తున్నాను. ఈ ఆలోచన వచ్చాక పానా చేతికి మునుపటిలా కుదరలేదు.

కొన్ని మార్చాను. కొత్త బండి ఇప్పుడు అతనిది. 207 దగ్గరి పనులకే, అదీ నేనే తోలుతాను. బరువున్న స్టీరింగ్ నా భుజాలకూ తెలుస్తోంది. బ్రేకు షూలు, వీల్ సిలిండర్లు నేనే మార్చుకుంటాను గానీ, వేరొకరు చక్రం తిప్పి, పెడల్ నొక్కి చూసి సరే అనేదాకా రోడ్డెక్కించను. బ్రేక్ ఆయిల్ బాగానే కనిపిస్తోంది కదా అని ఊరుకోను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బళ్లకు ఏడాదికోసారి ఫిట్‌నెస్ చేయించాలి. ఆఫీసువాళ్లు చూసేవి చూస్తారు. వాళ్లకంటే ముందు నేను చూడాల్సినవి గోడ మీద సుద్దతో రాసుకున్నాను: వెనక కమాన్లలో రెండో పట్టీ బీట, ఎడమవైపు షాకిల్ పిన్ను, హ్యాండ్ బ్రేక్ కేబులు. పట్టీ రావాంభాఠా ట్రాన్స్‌పోర్ట్ నగర్‌లో దొరికింది. దాన్ని ఒక్కణ్ని ఎత్తలేను, ఆదివారం సాయం పట్టమని డ్రైవరును అడిగాను. కూలీ ఇస్తానని ముందే చెప్పాను.