తొవ్వ అడిగిన మిస్త్రీ

కరీంనగర్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి ఉండేవాడు. డిగ్రీ చదివే రోజుల్లో అట్లాస్ సైకిల్ మీద ఎలగందుల ఖిల్లా దాకా పోయి, అక్కడి గుండ్ల మధ్య తిరిగి వచ్చినవాడు. లోయర్ మానేరు కట్ట మీద దోస్తులు పందెం కడితే ఎప్పుడూ ముందుండేవాడు. తర్వాత నౌకరీ, పెండ్లి, పిల్లల చదువులు. రేకుల కింద తుప్పు పట్టిన సైకిల్ ఒకనాడు పాత ఇనుప సామాన్ల బండికెక్కింది.

యాభై దాటినంక ఉట్నూరుకు బదిలీ అయింది. అక్కడి గుట్టలు, జైనూరు మీదుగా కెరమెరి ఘాట్ వైపు మలుపులు తిరుగుతూ పోయే రోడ్డు, గోండు గూడేలను కలిపే మొరం బాటలు చూసేసరికి పాత ప్రాణం లేచొచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేశాడు.

"బావా, ఒక్కసారి కొంటే మళ్లా కొనే పని లేకుండ కొను. ముందల, ఎన్క రెండు దిక్కుల షాకప్ ఉన్నది తీస్కో. షాకప్ ఎంత పెద్దగుంటే అంత మంచిది" అన్నాడు బామ్మర్ది.

సారు అట్లనే కొన్నాడు. వెనుక చక్రం 160 మిల్లీమీటర్ల మేర కిందికీ మీదికీ ఆడే సైకిల్ అది. పెట్టిన పైసలతో రెండు మోటార్ సైకిళ్లు వచ్చేవి.

వారం తిరగకముందే అరచేతులు తిమ్మిరెక్కాయి, నడుము పట్టేసింది. రాయి తగిలితే ముందు చక్రం ఎగిరి పడుతోంది. ఎక్కుడు వస్తే బండి ముందుకు కదలనంటోంది. "నా అట్లాసే నయముండె" అనుకుంటూ సైకిల్‌ను నడిపించుకుంటూ మోటార్ సైకిళ్లు బాగు చేసే ఒక ముసలి మిస్త్రీ దగ్గరికి తెచ్చాడు.

మిస్త్రీ సైకిల్‌ను ముట్టలేదు. "సారూ, మీ బరువెంత?" అని అడిగాడు.

"అరవై నాలుగు కిలోలు."

"పెట్టెల చిన్న పంపొచ్చింది గదా, ఏది?"

పంపు ఇంట్లో ఉంది, కవరు కూడా విప్పలేదు. తెప్పించాడు. వెనుక షాకప్ కడ్డీ మీద సన్నటి రబ్బరు ఉంగరం ఒకటి ఉంటుంది. మిస్త్రీ దాన్ని వేలితో పైకంటా జరిపి, సారును మెల్లగా ఎక్కి కూర్చోమన్నాడు, మెల్లగా దిగమన్నాడు. కూర్చున్నప్పుడు షాకప్ ఎంత కుంగిందో ఉంగరం జరిగిన దూరం చెబుతుంది. స్కేలు పెట్టి కొలిచాడు. కడ్డీ మొత్తం 65 మిల్లీమీటర్లు కదలాలి, ఉంగరం జరిగింది 8. అంటే మనిషి బరువుకు షాకప్ కుంగనే లేదు. దుకాణంలో ఎవరో బరువైన మనిషికి సరిపోయే గాలి కొట్టి పంపారు. మిస్త్రీ కొంచెం కొంచెం గాలి వదులుతూ, ప్రతిసారీ సారును ఎక్కించి దింపుతూ, ఉంగరాన్ని 19 దగ్గరికి తెచ్చాడు. కడ్డీ పొడవులో దాదాపు మూడో వంతు. ముందు ఫోర్కును కొంచెం తక్కువ కుంగేటట్టు పెట్టాడు. ఫోర్కు అడుగున ఎర్రటి తిప్పుడు బిళ్ల మీద ఒక పక్క కుందేలు, ఒక పక్క తాబేలు బొమ్మ ఉన్నాయి. కుంగిన షాకప్ ఎంత వేగంగా లేవాలో చెప్పేది అదే. కుందేలు వైపు తిప్పి ఉన్నదాన్ని రెండు టిక్కులు తాబేలు వైపు తిప్పాడు. టైర్లలో 45 పీఎస్ఐ ఉన్న గాలిని 24కు దించాడు.

"బండ్ల షాకప్ అయినా ఇదే పని సారూ. మనిషి కూసుంటే కొంచెం కుంగాలె. అప్పుడే గుంత వస్తే చక్రం కిందికి దిగుతది, రాయి వస్తే మీదికి లేస్తది."

ఆ సాయంత్రం గుట్ట దిగుతుంటే రాళ్ల మీద చక్రం అతుక్కుని పోయింది. సారు సంబరానికి అంతు లేదు. కానీ నెల తిరిగేసరికి మళ్లీ వచ్చాడు.

"అన్నా, దిగుడు బంగారం లెక్కుంది. ఎక్కుడే పానం తీస్తంది."

"మొన్న ఆయితారం యాడికి పోయిండ్రు? మొదటిసంది చెప్పుండ్రి."

డాంబర్ రోడ్డు, తర్వాత మొరం బాట, తర్వాత చేన్ల మధ్య ఎడ్లబండ్ల బాట, ఆ మీద గుట్ట ఎక్కుడు. సారు వరుసగా చెప్పాడు.

"దిగుడు ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"పది నిమిషాల కొరకు రెండు గంటలు దీన్ని గుంజుతున్నరు సారూ. జీపుల ఎక్కిచ్చుకపోయి మీదికెళ్లి ఇడిసేటోళ్ల బండి ఇది."

సారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ సైకిల్‌ను హైదరాబాద్‌లో దిగుడు పందేలకు పోయే ఒక కుర్రాడికి నష్టానికే అమ్మి, 130 మిల్లీమీటర్ల సైకిల్ కొన్నాడు. ఇది నాలుగు కిలోలు తేలిక. కొన్న రోజే కవరు విప్పి పంపు తీశాడు.

వానలు పడ్డాక చేన్ల బాటలో పోతే నల్లరేగడి టైరుకూ వెనుక గొట్టాలకూ మధ్య కూరుకుపోయి చక్రం తిరగలేదు. భుజాన వేసుకుని వచ్చాడు. మిస్త్రీ పుల్లతో మట్టి గీకుతూ, "రేగడికి ఏ షాకప్ జవాబు చెప్పది. వానకాలం మొరం గడ్డల మీద తొక్కుండ్రి" అన్నాడు. సారు అట్లనే చేశాడు.

నీతి: ఏండ్ల తర్వాత సైకిల్ ఎక్కేవాడు ముందు తన తొవ్వనూ ఈనాటి తన ఒంటినీ లెక్క చూసుకోవాలి, ఆ తర్వాతే సైకిల్‌ను.

ఈ లెక్క ఎందుకు తప్పుతుందంటే, మన గుర్తులు పాత సైకిల్‌వి. మనం వదిలేసిననాడు కొండ సైకిల్ చక్రం 26 అంగుళాలు, ఇప్పుడు ఎక్కువగా 29. ముందు పళ్ల చక్రాలు మూడు ఉండేచోట ఇప్పుడు ఒకటే, వెనుక పన్నెండు. వాటిలో పెద్దదానికి 50 చిల్లర పళ్లుంటాయి కాబట్టి ఎక్కుడుకు అది సరిపోతుంది. ఫోర్కు వాలు పెరిగి ముందు చక్రం మనకు మరింత ముందుకు జరిగింది, అందుకే నిటారు దిగుడులో తలకిందులయ్యే భయం తగ్గింది. హ్యాండిల్ పక్కన మీట నొక్కితే సీటు కిందికి దిగిపోతుంది. యాభై దాటిన మోకాళ్లకు, భయానికి ఇంతకు మించిన మేలు ఇంకొకటి లేదని నా నమ్మకం. సీటు గొట్టం పొడవు చూసి సైజు ఎంచే పాత పద్ధతి ఇప్పుడు పనికిరాదు. పెడల్స్ మీద నిలబడినప్పుడు హ్యాండిల్ ఎంత దూరంలో ఉందో చూడాలి.

పొదుపు అనుకుని బజారులో తక్కువ ధరకు దొరికే "డబల్ షాకప్" సైకిల్ కొనేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అందులో ఉండేది ఉత్త స్ప్రింగు, దాన్ని అదుపు చేసే నూనె ఉండదు. తొక్కిన ప్రతి తొక్కుడులో కొంత స్ప్రింగే తినేస్తుంది, బరువు సరేసరి. అదే డబ్బుకు వెనుక షాకప్ లేని మంచి సైకిల్ వస్తుంది. కరీంనగర్ చుట్టుపక్కల కాలువ గట్ల మీద, మొరం రోడ్ల మీద తిరిగేవాళ్లకు అది చాలు. రెండు షాకప్‌ల సైకిల్ అవసరం ఎండాకాలంలో గట్టిపడిన బండ్ల గాడుల్లో, కెరమెరి వైపు రాతి బాటల్లో తెలుస్తుంది. ఆ దిక్కునే ఉన్న కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది. అటవీశాఖ అనుమతి లేకుండా దాని లోపలి బాటలను మన తొవ్వలో కలుపుకోరాదు.

చేతిలో ఉన్నదంతా సైకిల్ మీదే పెట్టొద్దు. హెల్మెట్‌కు, షాకప్ పంపుకు, ఏటా ఫోర్కు సీళ్లు విప్పి నూనె మార్పించడానికి కొంత పక్కన పెట్టాలి. ఆదిలాబాద్ దుమ్ముకు సీళ్లు తొందరగా పోతాయి, ఆ పని చేసే దుకాణం కోసం హైదరాబాద్ దాకా పోవాల్సి రావచ్చు. వెనుక గేరును ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఒకటుంటుంది. పడితే గేరును కాపాడి ముందుగా వంగేది అదే. చాలా ఫ్రేములకు ఒక్కోదానికి ఒక్కో ఆకారంలో ఉంటుంది, ఉట్నూరులో దొరకదు. సైకిల్ కొన్ననాడే రెండు అడిగి తీసుకోండి.