తోలును నిలపడం, ప్రాణిని నిలపడం

చనిపోయిన జంతువు తోలును వెంట్రుకలు ఊడకుండా శుద్ధిచేసి, లోపల తగిన ఆకృతిని అమర్చి, బతికి ఉన్నప్పటి భంగిమలో నిలబెట్టే విద్యను టాక్సిడెర్మీ అంటారు. పైకి ఇది గోడల అలంకరణకు సంబంధించిన పనిగా కనిపించినా, చచ్చినదాన్ని మనిషి ఎందుకు దగ్గర ఉంచుకోవాలనుకుంటాడు, ఉంచుకునే హక్కు అతనికి ఎక్కడినుంచి వస్తుంది, ఉంచుకున్నది నిజానికి ఏమిటి అనే మూడు ప్రశ్నలు ఇందులో ఇమిడి ఉన్నాయి. వీటిని ఆలోచించడానికి రాజపాళయం తగిన చోటు. ఎందుకంటే వేట ఆగిపోయినా వేట కోసం పెంచిన ప్రాణి అక్కడ ఇంకా బతికే ఉంది.

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల తూర్పు పాదాన ఉన్న ఈ ఊరిలో, విజయనగర, నాయకరాజుల కాలంలో ఆంధ్రదేశం నుంచి దక్షిణానికి తరలివచ్చిన రాజుల కుటుంబాలు స్థిరపడ్డాయి. బజారులోనూ బడిలోనూ తమిళం మాట్లాడుతూ ఇంట్లో తెలుగు మాట్లాడుకోవడం వారికి తరతరాల అలవాటు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర పాలనకు నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. అయితే ఊరి పేరును దేశం నాలుగు మూలలకూ తీసుకుపోయినది ఒక వేటకుక్క. పొడవైన కాళ్లు, సన్నని నడుము, పొట్టి తెల్ల వెంట్రుకలు, గులాబీరంగు ముక్కు గల రాజపాళయం కుక్కను ముఖ్యంగా అడవిపంది వేటకు పెంచేవారు. 2005 జనవరి 9న భారత తపాలా శాఖ నాలుగు స్వదేశీ కుక్కజాతులపై బిళ్లలు విడుదల చేసినప్పుడు వాటిలో ఇదీ ఒకటి.

వేటలో పడిన అడవిపంది తోలును నిలపాలంటే ఏమేమి చేయాలో తెలిస్తే తప్ప ఈ విద్యలోని నైతిక భారం అర్థం కాదు. ప్రాణం పోయిన క్షణం నుంచే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. దక్షిణాది ఎండలో కొన్ని గంటలు ఆలస్యమైతే చాలు, వెంట్రుకల కుదుళ్లు వదులై, చేత్తో దువ్వితేనే కుచ్చులు కుచ్చులుగా ఊడివస్తాయి. అందుకే కళేబరాన్ని వెంటనే నీడకు చేర్చి, తోలు ఒలవకముందే కొలతలు తీసుకుంటారు. ముట్టె నుంచి కంటి మూల వరకు ఎంత, మెడ చుట్టుకొలత ఎంత, మూపు ఎత్తు ఎంత అన్నది అప్పుడు రాసుకోకపోతే తర్వాత తెలుసుకోవడానికి దారి లేదు, ఎందుకంటే ఒలిచిన తోలు లాగితే సాగుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. దాన్ని బట్టి జంతువు అసలు ఆకారాన్ని ఊహించడం కుదరదు.

గడ్డం కింద మొదలుపెట్టి పొట్ట మధ్యగా తోక వరకు ఒక గాటు, కాళ్ల లోపలి వైపు నుంచి దాన్ని కలిసేలా మరో నాలుగు గాట్లు పెట్టి తోలును ఒలుస్తారు. మొండెం తేలిగ్గానే వస్తుంది. కష్టమంతా తల దగ్గర ఉంటుంది. చెవిని లోపలి నుంచి తిరగేసి మెత్తని ఎముకను వేరుచేయాలి, కనురెప్పను కోయకుండా కంటిగుంట అంచు వెంట కత్తిని నడపాలి, పెదవిని లోపలి పొరతో సహా తీసి రెండుగా చీల్చాలి. ఆ లోపలి పొర మిగలకపోతే తర్వాత నోటిని మూసినట్టు మలచడం సాధ్యం కాదు. కత్తి ఒక్కసారి జారితే పడే చిల్లు కన్ను దగ్గరో ముట్టె దగ్గరో పడుతుంది, చూసేవారి దృష్టి మొదట పడేదీ అక్కడే.

అడవిపంది విషయంలో దీనికి మరో కష్టం తోడవుతుంది. ముదురు మగపందికి భుజాల మీదుగా, పక్కటెముకల వరకు, తోలుకు ఆనుకుని దట్టమైన నారపొర ఒకటి పెరుగుతుంది. జతకట్టే కాలంలో మగపందులు కోరలతో కలబడేటప్పుడు అది కవచంగా పనిచేస్తుంది. ఉప్పు ఆ మందంలోకి ఇంకదు కాబట్టి, దాన్ని కొద్దికొద్దిగా చెక్కి పలచన చేయాలి, కింద పేరుకున్న కొవ్వునంతా గీకి తీసేయాలి. ఈ పని చేస్తున్న చేతికి పాత కోరల గాట్లు మానిన చోట గట్టిపడిన గీతలు, విరిగి లోపలే ఉండిపోయిన ముళ్లు, పేలు, గోమార్లు పట్టిన మచ్చలు ఒక్కొక్కటిగా తగులుతాయి. తుపాకీ పేల్చినవాడికి ఆ జంతువు ఒక క్షణం కనిపించిన లక్ష్యం మాత్రమే. తోలు గీకుతున్నవాడికి అది ఏళ్ల తరబడి పోట్లాడి, పారిపోయి, గాయపడి, కోలుకుని బతికిన ప్రాణి అని అప్పుడు తెలుస్తుంది. ఎరుక ఇక్కడ చావు తర్వాత వస్తోంది. ఈ విద్యలోని విషాదం అదే, గౌరవం కూడా అదే.

గీకిన తోలుకు సన్నని ఉప్పు పట్టించాలి. ఆవకాయలో ఉప్పు చేసే పనినే ఇక్కడా చేస్తుంది: తేమను లాగేసి, కుళ్లబెట్టే జీవులకు బతుకులేకుండా చేస్తుంది. చెవుల లోపల, పెదవుల మడతల్లో, గిట్టల చుట్టూ ఒక్క అంగుళం వదిలినా ఆ అంగుళం దగ్గరే కుళ్లు మొదలవుతుంది. ఉప్పు పట్టించిన తోలును మాంసం వైపు లోపలికి వచ్చేలా మడిచి, ఏటవాలు బల్ల మీద ఉంచితే ఊట కారిపోతుంది. తడిసిన ఉప్పును దులిపి మళ్లీ కొత్తది పట్టించి, గాలి ఆడే నీడలో ఆరబెడతారు. ఎండలో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలి తేమ బయటికి రాదు, తోలులోని పోగులు వేడికి జిగురులా మారి తర్వాత నానబెట్టినప్పుడు విడిపోతాయి. ఆ మీదట పటిక కలిపిన ఉప్పునీటిలో నానబెట్టి మెత్తబరుస్తారు. మద్రాసు ప్రాంతపు తోళ్ల పరిశ్రమలో తరతరాలుగా వాడిన తంగేడు చెక్క పద్ధతి చెప్పులకు, సంచులకు తగినది, దానికి ముందు సున్నపునీటిలో వేసి వెంట్రుకలు తీసేస్తారు. టాక్సిడెర్మీకి ఆ వెంట్రుకలే ముఖ్యం కాబట్టి దారి వేరయింది. పురుగు పట్టకుండా పూర్వం పూసిన మందు పాషాణపు సబ్బు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సుకు చెందిన బెకూర్ కనిపెట్టిన ఈ మిశ్రమంలో ఆర్సెనిక్ ఉండేది, కనుక పాత నమూనాలను మ్యూజియంలలో నేటికీ చేతికి తొడుగులు లేకుండా ముట్టుకోరు.

దక్షిణ భారతంలో ఈ విద్యకు పెద్ద కేంద్రం మైసూరు. 1900 ప్రాంతంలో యూజీన్ వాన్ ఇంజెన్ అక్కడ స్థాపించిన కర్మాగారం సంస్థానాధీశులకు, ఆంగ్ల అధికారులకు వేలాది పులులను, చిరుతలను మలిచి ఇచ్చింది. వేటగాడి బాధ్యత తోలుకు ఉప్పు పట్టించి రైలులో పంపడంతో ముగిసేది, కళ మైసూరులో పూర్తయ్యేది. ఆ సంస్థ 1999లో మూతపడింది, కుటుంబంలో చివరి కళాకారుడు ఎడ్విన్ జూబర్ట్ వాన్ ఇంజెన్ 2013లో కన్నుమూశారు. అంత నైపుణ్యం గల చేతులు మలిచినా, ఆ పులుల్లో ఎక్కువవాటికి కోరలు బయటపెట్టి గర్జించే ముఖాలే దక్కాయి. బతికి ఉన్న పులి రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది, నడుస్తుంది, వేచి చూస్తుంది. గర్జన దాని జీవితంలో స్వల్పం. అయినా వేటగాడి ధైర్యానికి సాక్ష్యం కావలసింది గర్జనే కాబట్టి పులి ముఖం అతని కోరిక ప్రకారం మారింది. దీనితో మూడో ప్రశ్నకు జవాబు దొరుకుతోంది: గోడ మీద నిలిచినది జంతువు కాదు, జంతువు తోలు తొడుక్కున్న యజమాని అభిప్రాయం.

ఇక హక్కు సంగతి. గాయపరచిన బాణం ఎవరిదో మృగం వారిదేనని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. 17వ శతాబ్దపు ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ కూడా, శ్రమ కలిసిన వస్తువు శ్రమించినవాడి సొత్తు అవుతుందని వాదిస్తూ, చంపిన జింక చంపినవాడిదే అన్న ఉదాహరణ ఇచ్చాడు. కాలం, దేశం, మతం వేరైనా ఇద్దరూ ఒక్క చోటికే వచ్చారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ పాత న్యాయాన్ని తలకిందులు చేసింది. ఆ చట్టం ప్రకారం, అనుమతితో వేటాడినదైనా, చచ్చి దొరికినదైనా, పొరపాటున చంపినదైనా, వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి; అది చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా పోలీసు ఠాణాకో అధికారికో తెలపాలి. టాక్సిడెర్మీ ఇంకా జరగని తోలునూ, అప్పుడే చంపిన జంతువునూ కలిపి ‘శుద్ధికాని ట్రోఫీ’ అని నిర్వచించి, వాటినీ తన పరిధిలోకే తెచ్చుకుంది. 1991 సవరణతో సరదా వేటకు లైసెన్సులిచ్చే పద్ధతి పోయింది. పంటలను నాశనం చేసే పందిని అధికారి అనుమతితో కాల్చినా, దాని తోలు కాల్చినవాడిది కాదు. అందువల్ల ఈనాడు రాజపాళయంలో ఒక ఇంటి పెరట్లో అడవిపంది తోలుకు ఉప్పు రాయడం నేరం కిందికి వస్తుంది. తాతల నాటి ట్రోఫీ వారసత్వంగా వచ్చినవారు 90 రోజుల్లో ప్రకటించాలని 2003 సవరణ చెప్పింది. ఉంచుకోవడం ఇష్టంలేనివారు ప్రభుత్వానికి అప్పగించే వీలును 2022 సవరణ కల్పించింది.

ఇది రాజ్యం చేసిన దౌర్జన్యంగా కొందరికి తోచవచ్చు గాని, లోతుగా చూస్తే ఇందులో న్యాయం ఉంది. లాక్ వాదం ప్రకారం శ్రమ హక్కునిస్తుంది; కానీ పందిని పంది చేసిన శ్రమ వేటగాడిది కాదు. దాని మేతకు కాసిన అడవి, నీరిచ్చిన వాగు, దాన్ని చురుకుగా ఉంచిన పులి, దాన్ని కని పెంచిన తల్లి, ఇవన్నీ కలిసి చేసిన పనికి ముందు ఒక తూటా ఖర్చు, ఒక రోజు తోలుపని ఏపాటివి? ఋణాన్ని సొత్తుగా పొరబడటమే పాత న్యాయంలోని లోపం.

సొత్తు నుంచి ఋణానికి మళ్లిన ఈ మార్పును తన జీవితంలోనే చూపినవాడు అమెరికన్ శిల్పి కార్ల్ ఎక్లీ. గడ్డి కూరే పాత పద్ధతిని వదిలి, కండరాల అమరికను మట్టితో మలిచి, దాని అచ్చులో తేలికైన ఆకృతిని పోసి తోలు తొడిగే పద్ధతిని పెంపొందించి, ఆధునిక టాక్సిడెర్మీకి ఆయనే పునాది వేశాడు. న్యూయార్కు మ్యూజియం కోసం ఆఫ్రికాలో గొరిల్లాలను వేటాడిన ఆయన, వాటిని అంత దగ్గరగా ఎరిగిన తర్వాత, బతికి ఉన్నవాటిని కాపాడాలని బెల్జియం రాజును కోరాడు; 1925లో కాంగోలో ఏర్పడిన ఆల్బర్ట్ జాతీయ వనం, నేటి విరుంగా, ఆ ప్రయత్నఫలం. తోలు విద్యలో పరాకాష్ఠకు చేరిన మనిషే తోలు చాలదని గ్రహించాడు.

రాజపాళయం కుక్క ఈ ఆలోచనను మరో మెట్టు ముందుకు తీసుకుపోతుంది. వేట పోయాక ఆ జాతిని నిలపాలనే ఆసక్తి మిగిలింది, అది మెచ్చదగినదే. అయితే మచ్చలేని తెల్లదనాన్నే జాతిలక్షణంగా ఎంచుకుంటూ, కొద్దిపాటి కుక్కల మధ్యే జత కలపడం వల్ల, చెవిటి పిల్లలు పుట్టడం ఈ జాతిని వేధించే సమస్య అయింది. వెంట్రుకలకు రంగునిచ్చే కణాల వంటివే లోపలి చెవి పనిచేయడానికీ అవసరం. వాటి లేమి చర్మాన్ని తెల్లగా చేసే చోట వినికిడిని కూడా మింగగలదు. అడవిలో ఆకు కదిలిన చప్పుడు పసిగట్టవలసిన వేటకుక్క, చర్మపు రంగు కోసం చెవిని పోగొట్టుకుంటే, అది బతికి ఉండగానే ట్రోఫీ అయినట్టు. టాక్సిడెర్మీ దోషం కత్తిలోనూ ఉప్పులోనూ లేదు. రూపాన్ని పట్టుకుని స్వభావాన్ని వదిలేసే దృష్టిలో ఉంది. ఆ దృష్టి ఉన్నచోట ప్రాణమున్నది కూడా తోలుగానే మిగులుతుంది.

దానికి విరుగుడు అదే ఊరిలో ఉంది. ఆంధ్రదేశం వదిలి శతాబ్దాలు గడిచినా రాజుల ఇళ్లలో తెలుగు నిలిచిందంటే, తమిళపు మాటలను కలుపుకుని, యాసను మార్చుకుని, రోజూ పిల్లలను కోప్పడటానికీ అన్నానికి పిలవడానికీ వాడుకోవడం వల్లే. మార్పును ఒప్పుకోవడమే దాని ఆయుష్షు. ఊరికి పడమట ఉన్న కొండల్లో నెరసిన వెంట్రుకల పెద్ద ఉడుత కోసం 1988లో అభయారణ్యం ఏర్పడింది; చెట్ల కొమ్మలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటేనే ఆ ఉడుత బతుకుతుంది కాబట్టి, దాన్ని కాపాడటమంటే అడవినే కాపాడటం. 2021లో అదే కొండలు శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యమయ్యాయి.

నిలపడానికి రెండు మార్గాలు ఉన్నాయని దీనివల్ల తేలుతుంది: కదలికను ఆపి నిలపడం, కదలికను సాగనిచ్చి నిలపడం. మొదటిదానికి కూడా చోటుంది. సహజంగా చనిపోయిన జంతువును మ్యూజియంలో శ్రద్ధగా మలిచి పెడితే, అడవికి వెళ్లలేని పిల్లవాడు దాని చెవి అమరికను, గిట్ట నిర్మాణాన్ని అక్కడ నేర్చుకుంటాడు, ఆ పనికి పాత చేతుల నైపుణ్యం ఎప్పటికీ కావాలి. కానీ వేట వారసత్వం గల కుటుంబాలు గర్వించదగినది రెండోదాన్నే. తోలు గీకే చేతికి ఒకప్పుడు చావు తర్వాత దక్కిన ఎరుకను, వినగలిగే కుక్కను పెంచడంలో, కొండను కొండగా ఉండనివ్వడంలో, ప్రాణం ఉండగానే సంపాదించడం ఈ తరం బాధ్యత. వేటాడిన తరాల ఋణం తీరడానికి అంతకంటే నేరైన దారి లేదు.