తమ్ముడి దరఖాస్తులో అన్న సాక్ష్యం

ఇంటర్ పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లలో ప్రతి ఏడాదీ స్కాలర్‌షిప్ దరఖాస్తుల హడావిడి ఉంటుంది. మన ఇళ్లలో చాలాచోట్ల ఆ భారం పెద్ద కొడుకు మీదో, పెద్ద కూతురి మీదో పడుతుంది. తండ్రి పొద్దున్నే పనికి వెళ్లిపోతాడు. తల్లికి ఆన్‌లైన్ ఫారాల సంగతి తెలియదు. టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆదాయ ధ్రువపత్రం చేతపట్టుకుని మీసేవ కేంద్రానికీ కాలేజీ ఆఫీసుకూ తిరిగేది అన్నో, అక్కో. ఇది చిన్న సేవ కాదు. వడ్డీ అప్పు జోలికి పోకూడదనుకునే పేద కుటుంబంలో చదువు సాగడమా, ఆగడమా అన్నది ఒక్కోసారి ఈ ఒక్క ఫారం మీదే ఆధారపడి ఉంటుంది. తోబుట్టువు కోసం పడే ఈ శ్రమ రక్తసంబంధపు హక్కును నెరవేర్చడమే. సంకల్పం శుద్ధిగా ఉంటే అది పుణ్యకార్యం కూడా.

అయితే ఫారంలో ఒక గడి దగ్గరికి రాగానే చాలామంది చేయి ఆగిపోతుంది. కుటుంబ వార్షికాదాయం ఎంత? పక్కనే కూర్చున్న తమ్ముడు, “భాయిజాన్, ఇక్కడ ఎంత రాయాలి?” అని అడుగుతాడు. నిజం రాస్తే పరిమితి దాటిపోతుందేమోనని భయం. “అందరూ తగ్గించే రాస్తారులే” అని పక్కవాళ్ల సలహా. తమ్ముడి భవిష్యత్తు కోసం ఒక అంకె మార్చడం తప్పవుతుందా? మనం నిదానంగా ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. తక్కువగా కనిపించే ప్రతి అంకే అబద్ధం కాదు. తెలంగాణ ఈ-పాస్ పథకంలో మైనారిటీ విద్యార్థుల ఆదాయ పరిమితి గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు. రోజుకు 600 రూపాయలు సంపాదించే తాపీమేస్త్రీని తీసుకోండి. నెలకు 25 రోజుల చొప్పున ఏడాది పొడవునా పని దొరికిందనుకుంటే లెక్క లక్షా ఎనభై వేలకు చేరుతుంది. కానీ వర్షాకాలంలో పని ఉండదు, జ్వరం వచ్చిన రోజుల్లో కూలి రాదు. ఏడాదిలో నిజంగా 200 రోజులే పని దొరికితే వచ్చింది లక్షా ఇరవై వేలే. ఆ లెక్క రాయడం సత్యమే. రాని కూలిని వచ్చినట్లు రాయమని ఏ ధర్మమూ చెప్పదు. ఫారం ఏమి అడుగుతోందో చదివి, అర్థం కాకపోతే తహశీల్దార్ కార్యాలయంలో అడిగి, ఉన్నది ఉన్నట్లు రాయాలి. అదే న్యాయం.

మరి నెలనెలా వచ్చే దుకాణం అద్దెను దాచిపెట్టడం? ఇద్దరి సంపాదనలో ఒకరిది అసలు లేనట్లు చూపడం? ఇది వేరే సంగతి. దైవప్రవక్త (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలింది. ఆ తడి ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన వ్యాపారిని నిలదీశారు. మోసగించేవాడు తన వాడు కాదని హెచ్చరించారు. పైన పొడి గింజలు, లోపల తడి గింజలు. ఆదాయాన్ని దాచి తెచ్చుకున్న ధ్రువపత్రం కూడా అలాంటి రాశే కదా!

“ఇది ప్రభుత్వ సొమ్ము, ఎవరి జేబులోదీ కాదు” అనేవారున్నారు. సచార్ కమిటీ 2006లో ముస్లింల విద్యా వెనుకబాటును దేశం ముందుంచిన తరువాత, 2007, 2008 సంవత్సరాల్లో కేంద్రం మైనారిటీ విద్యార్థులకు స్కాలర్‌షిప్ పథకాలు ప్రారంభించింది. వాటిలో ఎన్ని స్కాలర్‌షిప్‌లు ఇవ్వాలో ముందే లెక్క ఉండేది. ఆ లెక్కలో ఒకటి అనర్హుడికి పోతే, వరుసలో ఉన్న అర్హుడికి ఒకటి తగ్గినట్లే. ఆ అర్హుడు మన బస్తీలోనే రిక్షా తొక్కే తండ్రి కొడుకు కావచ్చు. అల్లాహ్ హక్కుల విషయంలో జరిగిన లోపానికి ఆయన్నే క్షమాపణ వేడుకుంటాము. తోటి మనిషి హక్కు సంగతి అలా కాదు. మనం ముఖమైనా చూడని ఆ పిల్లవాడిని వెతికి పట్టుకుని క్షమాపణ ఎలా అడగగలం?

2023లో ఈ పథకాల విషయంలో ఒక చేదు నిజం బయటపడింది. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ పరిశీలన చేయించిన 1,572 సంస్థల్లో 830 నకిలీవి, పాక్షికంగా నకిలీవి లేదా అసలు నడవనివి అని తేలింది. ఐదేళ్లలో 144 కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని లెక్కగట్టి వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించారు. అంత పెద్ద దోపిడీతో ఒక అన్న మార్చిన అంకెను సమానం చేయడం న్యాయం కాదు. అయినా పేదవాడి వాటాను కాగితం మీద మాయ చేయవచ్చుననే ధైర్యం రెండింటిలోనూ ఒక్కటే. అలాంటి వార్తలు చదివి మండిపడే మనం, మన ఇంటి ఫారం దగ్గర మాత్రం మరో కొలమానం పెట్టుకోగలమా?

అన్నింటికన్నా బలంగా వినిపించే వాదన మరొకటి ఉంది. “ఇది నా స్వార్థం కోసం కాదు, తమ్ముడి కోసం.” సరిగ్గా ఈ సందర్భం గురించే దివ్య ఖుర్ఆన్ మనల్ని హెచ్చరిస్తోంది. సాక్ష్యం మనకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా న్యాయం మీద గట్టిగా నిలబడమని ‘అన్ నిసా’ సూరా 135వ ఆయతు ఆదేశిస్తోంది. ఆ మనిషి ధనికుడా, పేదవాడా అన్న ఆలోచన కూడా సాక్ష్యాన్ని వంచకూడదని అక్కడే ఉంది. ఫారం కింద చేసే సంతకం కూడా ఒక సాక్ష్యమే.

నీ సోదరుడు దౌర్జన్యపరుడైనా, దౌర్జన్యానికి గురైనవాడైనా అతనికి సహాయపడమని దైవప్రవక్త (స) బోధించారు. బాధితుడికి సహాయం సరే, దౌర్జన్యపరుడికి సహాయం ఏమిటని సహచరులు ఆశ్చర్యపోయారు. అతన్ని దౌర్జన్యం చేయకుండా ఆపడమే అతనికి చేసే సహాయమని ఆయన వివరించారు. తోబుట్టువుకు సహాయం అనే మాటకు ఇంతకన్నా లోతైన అర్థం ఎక్కడుంది? పదిహేడేళ్ల వయసులో తమ్ముడు ఎదుర్కొంటున్న తొలి పెద్ద దరఖాస్తు ఇది. అన్న ఆ గడిలో ఏమి రాస్తాడో వాడు చూస్తున్నాడు. స్కాలర్‌షిప్ నాలుగేళ్లలో అయిపోతుంది. ఆ రోజు నేర్చుకున్న పాఠం వాడు ఉద్యోగంలో కూర్చుని ఇతరుల కాగితాల మీద సంతకాలు పెట్టే రోజు దాకా వెంట వస్తుంది.

నిజం రాసినందువల్ల ఒక తలుపు మూసుకుంటే మరో తలుపు వెతకడం కూడా అన్న బాధ్యతే. రెండు లక్షలు దాటిన కుటుంబానికి దారులన్నీ మూసుకుపోవు. ఇంటర్ బోర్డు ఫలితాల్లో పైవరుస 20 శాతంలో నిలిచినవారికి కేంద్రం ఇచ్చే కళాశాల స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి నాలుగున్నర లక్షలు. సాంకేతిక విద్యలో చేరిన ఆడపిల్లల కోసం ఏఐసీటీఈ ఇచ్చే ‘ప్రగతి’కి ఎనిమిది లక్షలు. ఏ ఏడాదికా ఏడాది ప్రకటన చూసుకుని సకాలంలో దరఖాస్తు చేయాలి. నిజంగా అవసరంలో ఉన్న విద్యార్థి అయితే జకాత్ నిధుల నుంచి సాయం కోరడంలోనూ చిన్నతనం లేదు.

అబద్ధానికి పెట్టే తెలివిని సత్యమైన పనులకే పెడదాం. మన పిల్లల పేరు ఒక కాగితంలో మహమ్మద్, మరో దానిలో ఎం.డి., ఇంకో దానిలో మొహమ్మద్ అని ఉంటుంది. షేక్ ఒకచోట పేరుకు ముందు, మరోచోట వెనుక వస్తుంది. ఈ తేడాలతో అర్హులైన పిల్లల దరఖాస్తులే ఆగిపోతుంటాయి. చివరి తేదీకి నెలల ముందే టెన్త్ మెమోతో ఆధార్‌నూ బ్యాంకు ఖాతానూ సరిపోల్చి సవరించడం నిజమైన సేవ. తమ్ముడి కోసం పరుగెత్తి, పెళ్లయిపోతుందిలే అని చెల్లెలి ఫారాన్ని పక్కన పెట్టడం అన్యాయం. వివరాలు వాళ్ల చేతే నింపించి, పక్కన కూర్చుని సరిచూస్తే వచ్చే ఏడాది వాళ్లే స్వయంగా చేసుకోగలుగుతారు. పని పూర్తయ్యాక, “నేను తిరగబట్టే నీకు చదువు వచ్చింది” అని పదిమందిలో దెప్పిపొడవకూడదు. దానధర్మాలు ఎత్తిపొడుపుతో వ్యర్థమైపోతాయని ఖుర్ఆన్ హెచ్చరించింది కదా!

ఫారం నింపే ఆ కాసేపు మనం తమ్ముడి పక్షాన నిలబడి ఉంటాము, అల్లాహ్ ఎదుట కూడా నిలబడి ఉంటాము. మన తోబుట్టువుల చదువుకు తోడుగా నిలిచే శక్తినీ, ఆ తోడ్పాటులో సత్యాన్ని విడవని ధైర్యాన్నీ అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.