కాయ నాదైనప్పుడు వాలు ఎవరిది?

(ధ్యానమునకు వాక్యభాగములు: నిర్గమకాండము 21:28-36, ద్వితీయోపదేశకాండము 19:4-5, లూకా 13:1-9)



ఈ నెల మన ధ్యానమునకు మన దొడ్లలో నిలిచియున్న చెట్టునే తీసికొందము. కోనసీమలో కొబ్బరిచెట్టు లేని దొడ్డి అరుదు. దాని ఆకు పాకకు కప్పగును, ఈనె చీపురగును, డొక్క పొయ్యిలోనికి వచ్చును, కాయలమ్మిన సొమ్ము పిల్లల చదువునకు అక్కరకు వచ్చును. అందుచేతనే దానిని ఇంటికి పెద్దకొడుకువలె చూచుకొందుము. అయితే ఆ పెద్దకొడుకు పొరుగువాని ఇంటిమీదికి వంగి నిలిచినప్పుడు మన ధర్మమేమి?

గట్టుమీది చెట్టునుండి కాయ రాలి పొరుగు దొడ్డిలో పడినదనుకొనుడి. "చెట్టు నాది గనుక కాయ నాది" అందుము. ఒక్క కాయను గూర్చి మాట మాట పెరిగి, ఏండ్ల తరబడి పలుకరింపులు మానిన ఇండ్లును కలవు. అదే చెట్టు గాలికి పొరుగింటి కప్పుమీద కూలినదనుకొనుడి. అప్పుడు మన నోట వచ్చు మాట వేరు. "గాలి దేవునిది, మనమేమి చేయగలము?" అందుము. కాయ పడినప్పుడు చెట్టునకు యజమానుడున్నాడు; చెట్టు పడినప్పుడు మాత్రము యజమానుడు లేడు! ఈ రెండు మాటలను ఒకే నోటితో పలుకవచ్చునా?

ఈ ప్రశ్నకు మోషే ధర్మశాస్త్రము తేటగా జవాబిచ్చుచున్నది. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఒక మనుష్యుడు తన పొరుగువానితో కూడ చెట్లు నరుకుటకు అడవికి పోవును. గొడ్డలి ఎత్తి కొట్టుచుండగా పిడి ఊడి, ఇనుము పొరుగువానికి తగిలి అతడు చనిపోవును. పగ లేదు, ముందు తెలియదు. అట్టివాడు ఆశ్రయపురమునకు పారిపోయి బ్రదుకవచ్చునని దేవుడు ఏర్పరచెను. నిర్గమకాండము 21వ అధ్యాయములో మరియొక మరణము కలదు. ఒకని ఎద్దు పొడుచు ఎద్దు. ఆ సంగతి యజమానునికి ముందే చెప్పబడినది. అయినను అతడు దానిని కట్టివేయలేదు. అది ఒకని పొడిచి చంపినయెడల, ఎద్దుతో కూడ యజమానుడును శిక్షకు పాత్రుడగును.

రెండుచోట్లను మనిషి చనిపోయెను. రెండుచోట్లను చంపవలెనని ఎవరును తలంచలేదు. అయినను తీర్పు ఒకటి కాదు. ఎందుచేత? మొదటివాడు ఎరుగడు, రెండవవాడు ఎరుగును. గొడ్డలి ఊడునని ఎవరును చెప్పలేదు; ఎద్దు పొడుచునని ముందే చెప్పిరి. ఎరుకయే ఆపదను అపరాధముగా మార్చినది. చేయవలసిన మంచి తెలిసియు మానినవానికి ఆ మానుటయే పాపమగునని యాకోబు నేర్పునది ఇదియే (4:17).

ఇంతే కాదు. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8లో ఆజ్ఞ కలదు. అప్పటికి ఆ మిద్దెమీదినుండి ఎవరును పడలేదు. అయినను, పడినవాని రక్తము ఆ ఇంటిమీద ఉండకుండునట్లు ముందుగనే గోడ కట్టుమని దేవుడు చెప్పుచున్నాడు. ఆపద జరిగిన తరువాత కార్చు కన్నీటికంటె, ఆపదకు ముందు చేసిన పని ఆయనకు ఇష్టము. పొరుగింటివైపు ప్రమాదముగా వాలిన చెట్టును సరిచేయుట మన కాలపు పిట్టగోడ.

కొందరు విశ్వాసులు, "ఇన్నేండ్లు దేవుడు కాపాడెను, ఇక ముందును కాపాడును" అందురు. ఆయన కాపాడుట నిజమే. అయితే దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, క్రిందికి దుముకుము, దూతలు పట్టుకొందురు అని ప్రభువును శోధించినదెవడు? లేఖన వాగ్దానమునే చూపి శోధించెను గదా! తప్పించుకొనగల అపాయములో ఊరక నిలిచి కాపుదల కోరుట విశ్వాసము కాదు, దేవుని శోధించుట. అందునను ఆ అపాయము మన తలమీద గాక పొరుగువాని పసిబిడ్డ ఊయలమీద ఉన్నప్పుడు, మన "విశ్వాసము"నకు వెల చెల్లించువాడు వేరొకడు. పరుల ప్రాణముతో విశ్వాసము చూపుట ఎంత సులభము!

చెట్టు కూలునని మనకెట్లు తెలియును? చెట్టునకు నోరు లేదు గాని సాక్ష్యమున్నది. కొబ్బరికి తల్లివేరు లేదు. మాను మొదటినుండి పుట్టిన సన్నని వేళ్లు వందలకొలది కలిసి దానిని పట్టుకొనియుండును. పునాది తీయుటలో ఒకవైపు వేళ్లు నరికినను, కాలువగట్టు కోసుకొనిపోయినను ఆ పట్టు సడలును. చిన్ననాటినుండి వెలుతురు కొరకు వంగి, పైన మరల నిటారుగా లేచిన చెట్టు ఏండ్ల తరబడి నిలువవచ్చును. నిన్నటివరకు నిలువుగా నుండి నేడు వాలిన చెట్టు వేరు. దాని మొదట నేల బీటలిచ్చినను, వెనుకవైపు వేళ్లు పైకి లేచినను జాగ్రత్తపడవలెను. మాను మొదట గోధుమరంగు బంక కారుచు, పుట్టగొడుగు పుట్టినయెడల అది గానోడెర్మా తెగులు కావచ్చును. మానుకు రంధ్రములు పడి పీచు బయటికి వచ్చుచుండిన లోపల ఎర్రముక్కు పురుగు ఉండవచ్చును. మామిడి, వేప మానుల గాయము కొంతకు పూడునేమో గాని, కొబ్బరిమాను గాయము పూడదు. సందేహమున్నవారు అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా స్థానమువారిని అడుగవచ్చును. ఇంత చూచిన తరువాత, చెప్పించుకొన్న తరువాత, మనము గొడ్డలి ఊడినవాని వరుసలో లేము. ఎద్దు యజమానుని వరుసలో ఉన్నాము.

రాజోలు ప్రాంతపు సహోదరులకు ఈ మాట మరింత భారము. శంకరగుప్తం డ్రెయిను వెంబడి సముద్రపు ఉప్పునీరు తోటలలోనికి ఎగదన్ని, కేశనపల్లి మొదలగు గ్రామములలో కొబ్బరిచెట్లు తలలు రాలి మోడులై నిలిచినవి. ఆ రైతులు ఉప్పునీటిని పిలువలేదు. వారి నష్టము వారి పాపము కాదు. అయినను ఇంటిప్రక్కను నిలిచిన మోడు దినదినము లోపల కుళ్లుచున్నది. నష్టపోయినవానిమీదనే నరికించు ఖర్చును కూడ మోపి, "నీ చెట్టు నీవే చూచుకొనుము" అనుట క్రైస్తవ సంఘమునకు తగునా? ఈ సంగతికి మరల వచ్చెదను.

ఇక రెండవ ప్రక్క చూతము. భయముతో ప్రతి చెట్టును నరికివేయుట ధర్మమా? కాదు. యుద్ధమునకు పోయి పట్టణమును ముట్టడించినప్పుడు సహితము ఫలవృక్షములను గొడ్డలిపాలు చేయకూడదని దేవుడు సెలవిచ్చెను (ద్వితీ. 20:19). కొబ్బరికి మొవ్వు ఒక్కటే. అది పోయిన తరువాత మరల చిగురు లేదు. కనుక నరుకుటకు ముందు బాగుగా ఆలోచింపవలెను. మరియు, అపాయము అను మాటను అసూయకు ముసుగుగా వాడువారును కలరు. దొడ్డిలో ఆకులు పడుచున్నవనియు, మేడకు ఎండ తగులుట లేదనియు, లోలోపల ఆ స్థలముమీదనే కన్నుండియు, "నీ చెట్టు ప్రమాదము" అని బీద విధవరాలిని నిర్బంధించుట ఆహాబు పని. అతడును నాబోతు ద్రాక్షతోటను కూరతోట కొరకే గదా అడిగెను! చెట్టుగలవాడు తన లాభమును విడిచి చూడవలెను. ఫిర్యాదు చేయువాడు తన అసూయను విడిచి చూడవలెను. ఇద్దరును చెట్టు మొదటనే నిలిచి చూడవలెను.

అంజూరపు చెట్టు ఉపమానములో ప్రభువు మధ్యమార్గము చూపెను. యజమానుడు నరికివేయుమనెను. తోటమాలి ఒక సంవత్సరము గడువు కోరెను. కాని ఊరక గడువు కోరలేదు; చుట్టు త్రవ్వెదను, ఎరువు వేసెదను అనెను. ఆ గడువునకు పని ఉన్నది, అంతము కూడ ఉన్నది. మనము కోరు గడువులకు తరచుగా ఈ రెండును లేవు. "చూతములే" అనుట గడువు కాదు, మరచుట. పట్టుకట్టి నిలుపగల చెట్టును నిలుపుడి. మందువేసి బాగుచేయగల చెట్టునకు మందు వేయుడి. ఎండిన మట్టలను, బరువైన గెలలను దింపించుడి. అయితే అక్టోబరు నెల రాకముందే ఇది ముగియవలెను. అప్పటికిని నమ్మరానిదైన చెట్టును, కన్నీళ్లతోనైనను, తీసివేయవలెను.

మరియొక చిక్కు ప్రశ్న కలదు. చెట్టు ముందు వచ్చినది, ఇల్లు తరువాత వచ్చినది. "మా తాతలు నాటిన చెట్టు క్రింద నీవు వచ్చి పాక వేసికొంటివి, తప్పు ఎవరిది?" అని తోటగల ఆసామి అడుగును. ఆ మాటలో కొంత న్యాయము లేకపోలేదు. కాని ఆ బీదవాడు అక్కడ పాక వేయుటకు కారణము, వేరొక చోట అతనికి జాగా లేకపోవుటయే. సమరయుడు దారిలో పడియున్నవానిని చూచినప్పుడు, "ఈ దారిన ఒంటరిగా ఎందుకు వచ్చితివి?" అని విచారింపలేదు. కనుక నేను చెప్పునదేమనగా, ఖర్చు విషయములో ముందు వెనుకలు చూడవచ్చును. ప్రాణ విషయములో చూడరాదు. ఎవరెంత ఇచ్చుకొనవలెనో కూర్చుండి మాటలాడుకొనుడి. కాని ఆ మాటలు ముగియువరకు చెట్టు ఆగునని తలంపకుడి.

ఖర్చు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. ఇంటిమీదికి వాలిన చెట్టును ఒక్క వేటున పడగొట్టరాదు. పైనుండి తాళ్లు కట్టి ముక్కలు ముక్కలుగా దింపవలెను. అందుకు నేర్పరియైన మనిషి కావలెను, కూలి కావలెను. కుళ్లిన మానుమీదికి దింపు కార్మికుని తొందరపెట్టి ఎక్కించుట మరియొక పాపము. పొరుగువానిని కాపాడుటకు వేరొక పొరుగువాని ప్రాణమును పణముగా పెట్టకుడి. తీగలకు తగులుచున్న చెట్టయినచో, విద్యుత్తు సిబ్బంది వచ్చి కరెంటు ఆపువరకు ముట్టవద్దు. చెట్టుగలవాడు బీదవాడైనయెడల, ఆ చెట్టు తీయుటవలన కాపాడబడు ఇండ్లవారు కూడ తలా కొంచెము వేసికొనవలెను. సంఘపు యౌవనులు మట్టలు మోయవచ్చును. పోయిన చెట్టునకు మారుగా ఇంటికి దూరముగా ఒక మొక్క నాటి ఇయ్యవచ్చును. ఒకరి భారముల నొకరు భరించుట అనగా ఇదియే.

చెప్పవలసినవాడు ఎట్లు చెప్పవలెను? మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చూపిన వరుస ఇక్కడను చాలును. మొదట ఒంటరిగా పోయి నెమ్మదిగా చెప్పవలెను. వినకున్న ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకొని పోవలెను. పిమ్మట సంఘమునకు చెప్పవలెను. పాత తగవునుబట్టి, "పడితే పడనీ, అప్పుడు తెలియును" అని ఊరకుండుటయు తప్పే. ఖడ్గము వచ్చుట చూచియు బాకా ఊదని కావలివానిని దేవుడు ఏమని విచారించునో యెహెజ్కేలు 33వ అధ్యాయములో చదువుకొనుడి. లోకపు చట్టము సహితము ఈ విషయములో నిద్రపోవుట లేదు. కూలి ఇరుగుపొరుగువారికి గాని దారినపోవువారికి గాని హాని చేయునట్లున్న చెట్టును తీసివేయుమనియో, ఆధారము పెట్టి నిలుపుమనియో యజమానుని ఆజ్ఞాపించు అధికారము మేజిస్ట్రేటునకు కలదు. ఇది 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 133వ సెక్షనుగా ఉండెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా ఉన్నది. చట్టము భయముచేత చేయించు పనిని ప్రేమ ముందుగనే చేయవలదా?

1996 నవంబరు 6 రాత్రి మన కోనసీమను కొట్టిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించిరి. లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలెను. ఆ గాలికి బలమైన చెట్లును నిలువలేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము సమీపమున తీరము దాటెను. ఆ తుపాను గాలికే మన జిల్లాలో తాడిచెట్టు కూలి ఒక స్త్రీ మరణించెను. సిలోయము గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకంటె పాపులని తలంపరాదని ప్రభువు చెప్పెను. మనమును మృతులను గాని, దుఃఖములో నున్నవారిని గాని తీర్పు తీర్చము. బాగుగా నున్న చెట్టు మహాగాలికి కూలినయెడల, దాని యజమానుడు గొడ్డలి ఊడినవానివలె దేవుని యొద్ద ఆశ్రయము పొందును. అతని మనస్సాక్షి నెమ్మది పొందవచ్చును. కాని ప్రభువు అక్కడితో ఆగలేదు. బ్రదికియున్న మీరు మారుమనస్సు పొందుడని హెచ్చరించెను. వెంటనే చెట్టునకిచ్చిన గడువును గూర్చి చెప్పెను.

కాబట్టి ప్రియులారా, ఈ ఆదివారము ఆరాధన ముగించుకొని ఇంటికి పోయినప్పుడు దొడ్డిచుట్టు ఒకసారి తిరుగుడి. గట్టుమీది చెట్టును మీ వైపునుండి కాక, పొరుగువాని గుమ్మములో నిలువబడి చూడుడి. అందుకు అతని సెలవు అడుగవలసి వచ్చును. మాటలు మానిన ఇండ్లకు అదియే మొదటి మాట కావచ్చును. కాయ మనదైతే వాలును మనదే. గాలి మాత్రము దేవునిది. దానిని ఆయన చేతులలో ఉంచి, మన చేతిలోనున్న పనిని మనము చేయుదము. పొరుగువాడు నిర్భయముగా నిద్రించు రాత్రులను మన గ్రామములకు ప్రభువు దయచేయును గాక. ఆమేన్.