పొరుగువారు పెట్టిన పేరు

మనుష్యునికి పేరు తల్లిదండ్రులు పెట్టుదురు. ఒక ప్రాంతపు జనులకు మాత్రము తరచుగా పొరుగువారే పేరు పెట్టుదురు. అది పిలుచువాని సౌకర్యమునకై పుట్టినదే గాని, పిలువబడువానిని అడిగి పెట్టినది కాదు. కావున ఆ పేరు ఎదుటివాని స్వభావమును తెలుపదు. పలుకువాడు నిలిచిన చోటును తెలుపును.

తమిళులు పూర్వమునుండి తెలుగువారిని వడుగరు అనిరి. ఉత్తరపువారని దాని యర్థము. ఆ తెలుగువాడే ఢిల్లీకి పోయినచో మద్రాసీ, అనగా దక్షిణపువాడు అగును. 1953లో మదరాసు రాష్ట్రమునుండి ఆంధ్ర రాష్ట్రము వేరుపడినను, 1969లో ఆ మదరాసు రాష్ట్రమే తమిళనాడుగా పేరు మార్చుకొన్నను ఈ పిలుపు పూర్తిగా పోలేదు. మనిషి ఒక్కడే, దిక్కులు రెండు.

ఇంతవరకు దోషము లేదు. దోషము తరువాత వచ్చును. యానాము చేరువనున్న కోరంగి ఒకప్పుడు గొప్ప రేవు. బర్మాకు పోయిన తెలుగువారిని, ఏ ఊరివారైనను, అచ్చట కోరంగీలనిరి. మలయా దేశమున కళింగ శబ్దము కెలింగ్ అయి, దక్షిణ భారతీయులందరికి పేరై, కాలక్రమమున తిట్టుగా మారెను. అక్షరములు కొంచెమే మారినవి. చూపు మిక్కిలి మారినది.

తెలుగువారును ఈ విషయమున నిర్దోషులు కారు. తమిళుడు తన భాషను తమిళమే యనును. తెలుగువాడు దానిని అరవమనును. మార్వాడు జోధపురము చుట్టుపట్ల ప్రాంతము. గుజరాతునుండి వచ్చిన వర్తకుని సైతము మార్వాడీ యనుట వాడుక. తన్ను మద్రాసీ యన్నారని నొచ్చుకొన్నవాడే ఇంటికి వచ్చి ఈ మాటలు పలుకుచుండును.

మనస్సులో ద్వేషము లేనప్పుడు మాటలో తప్పేమి యని కొందరందురు. ద్వేషము లేకుండుట మేలే. కాని మనస్సు అన్నవాని యొద్దనే నిలిచిపోవును. విన్నవానికి అందునది మాట మాత్రమే. ముల్లు పగబట్టి గ్రుచ్చదు. ఐనను కాలు నొచ్చును. వాక్కుతో కలుగు హింసయు హింసయే. తెలియక పలికినవాడు క్షమింపదగినవాడు. ఎదుటివాడు నొచ్చుకొనెనని తెలిసిన పిమ్మటను పలుకువానికి ఆ సాకు చెల్లదు.

దీనికి మందు సులభము. "మీవారు తమ్ము తాము ఏమని చెప్పుకొందురు?" అని అడుగుటకు కాసు ఖర్చు లేదు. పరభాషా ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న తెలుగువారికి ఈ సంగతి మరియొకరు బోధింపనక్కరలేదు. తాము విన్న పిలుపులను ఒక్కసారి తలచుకొన్న చాలును.